మలుపొస్తే దిగాల్సిన కారు

లిఖిత ఆ రోజుకు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, పాపకు పెరుగన్నం డబ్బాలో పెట్టాలి, హాల్‌టికెట్టు ఒకసారి చూసుకోవాలి, కారెక్కి కందుకూరు పోయి ఓపెన్ స్కూలు పదో తరగతి లెక్కల పరీక్ష రాయాలి. ఇందులో హాల్‌టికెట్టు చూసుకోవడం మాత్రం అప్పటికే చాలాసార్లు అయింది. పెన్నులు రాస్తున్నాయో లేదో చూడడానికి వాటితో గీసీ గీసీ, ఇక పరీక్షకు సిరా మిగులుతుందా అన్న కొత్త భయం కూడా పట్టుకుంది.

ఆమె తొమ్మిదిలో ఉండగా వాళ్ల ఊరికి బస్సు ఆగిపోయింది. బస్సుతోపాటు చదువూ ఆగింది. పెళ్లయి, హర్షిత పుట్టి, ఆ పాప మాటలు నేర్చాక ఇన్నాళ్లకు మళ్లీ పుస్తకం పట్టింది. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాయి. లెక్కలు ఒక్కటే ఇదివరకు తప్పింది. వృత్తాల పాఠం తెరిస్తే ఆమెకు ఇప్పటికీ కాళ్లు చల్లబడతాయి. ఈసారి కూడా తప్పితే మళ్లీ రాస్తానని ఇంట్లో అడిగే ధైర్యం తనకు ఉండదని ఆమెకు తెలుసు.

"పరీక్షకు నేనే తోల్కపోత," అని భర్త జగదీశ్వర్ మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాదు. కాకపోతే నిన్న పొద్దున కారును సర్వీసింగని తీసుకుపోయి, సాయంత్రం దాకా అక్కడే వదిలి, చీకటి పడ్డాక తెచ్చి, పరదా కప్పి పెట్టాడు. ఇవ్వాళ ఆ పరదా లాగి నవ్వుతూ పక్కకు నిలబడ్డాడు.

కారు అదే. తెల్లగా, చిన్నగా ఉండే పాత కారే. కానీ వాళ్లమ్మ ఎత్తు చెప్పులు తొడుక్కుని వాకిట్లో తిరిగే చిన్నపిల్లలా నిలబడి ఉంది.

"టైర్లు మార్పిచ్చిన," అన్నాడు జగదీశ్వర్. "మల్లేశయ్య దుకాణంల. రిమ్ములతో సహా. పెద్ద బండ్లకేస్తరు ఇవి. కొత్తయి కాకున్నా కొత్తలెక్కనే ఉన్నయి, చూడు ఎట్ల మెరుస్తున్నయో."

"మన బండికి గివి పడ్తయా?"

"పట్టినయి గద."

హర్షిత ముందు చక్రం దగ్గర కూర్చుని అంతా వెతికింది. దసరాకు ఇంట్లోవాళ్లు బండికి కుంకుమ పెడుతుంటే, కుంకుమ తనకు అందక ఆ పిల్ల తల్లి గోళ్లరంగు తెచ్చి చక్రం నిండా గులాబీ చుక్కలు పెట్టింది. అప్పటినుంచి అది తన చక్రం. "నా చక్రమేది?" అని పెదవి విరిచింది. ఎవరూ పట్టించుకోలేదు.

సెంటర్ దగ్గర పాపను చూసుకోవడానికి బయల్దేరిన అత్త ఇంద్రమ్మ వచ్చి, కారులో పెట్టడానికి కాలెత్తి, దించి, మళ్లీ ఎత్తి, చివరికి వంటింట్లోకి పోయి పీట తెచ్చుకుంది. "ఏం కొడుకా, కారా ఇది, పంటచేన్ల మంచెనా?" అంది.

లిఖిత మెల్లగా ఇంటి వెనక్కి పోయి సంజీవకు ఫోన్ చేసింది. సంజీవ అదే గల్లీవాడు, జగదీశ్వర్ స్నేహితుడు, ఇబ్రహీంపట్నంలో చాలా బండ్లకు ఇన్సూరెన్సు చేయించిన ఏజెంటు.

"సంజీవన్నా, బండికి పెద్ద టైర్లేస్తే ఇన్సూరెన్సు ఉంటదా?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడయింది. అడిగితే చాలనుకుని సంజీవ ఎదురుచూసే ప్రశ్నలలో ఇదొకటి.

"చూడు చెల్లె. ఏ బండికి ఏ సైజో కంపెనీయే చెప్తది. డ్రైవర్ తలుపు తీస్తే ఆడ్నే స్టిక్కర్ మీద ఉంటది. దాన్ని కాదని వేరే సైజేస్తే బండినే మార్చినట్టు. ఆర్టీవోకు చెప్పకుంట, మాకు చెప్పకుంట తిరిగినవనుకో, పోలీసోళ్లు ఆపి చలాన్ రాయొచ్చు. రేపేమన్న గుద్దుకుంటే సర్వేయరొచ్చి ముందుగాల టైర్లే చూస్తడు. క్లెయిము ఆడ్నే అడ్డం పడ్తది. అసొంటి బండి నువ్వు ఎక్కకు."

"ఎక్కకుంటే పరీక్షకెట్ల పోవాలె?"

"గది నన్నడిగితే ఎట్ల, నేను ఇన్సూరెన్సోన్ని. నా బండి తిప్పలే నాకు సరిపోయింది. నిన్నటిసంది మీటర్ల అరవై కనబడ్తది, ఆటోలు నన్ను దాటిపోతున్నయి. జర గడ్డ కనబడ్డా కింద గీస్కపోతుంది. రావిర్యాలల ఒకాయనను కలిసేది ఉండె, ఎప్పటికి చేరుతనో."

చివరి మాటలేవీ లిఖిత చెవిన పడలేదు. ఆమె చెవులు 'అడ్డం పడ్తది' దగ్గరే నిలిచిపోయాయి.

"సంజీవన్న ఈ బండి ఎక్కొద్దన్నడు," అంది భర్తతో.

"వాడు ప్రతిదానికీ వద్దంటడు. గందుకే ఇన్సూరెన్సుల చేరిండు. ఎక్కు, బస్సు గూడ ఎళ్లిపాయె."

పీట మీదుగా అందరూ ఎక్కారు. గల్లీ చివర మొదటి మలుపు తిప్పగానే ముందు చక్రం లోపలి రేకుకు రాసుకుని గర్రుమంది. జగదీశ్వర్ వెనక్కి చూశాడు. "నిన్న ఒక్కన్నే వచ్చిన, ఏ చప్పుడు రాలే. మీ బరువుకు కిందికి దిగింది."

"నా బరువా?" అంది ఇంద్రమ్మ. "ఎండిన కంది కట్టెలెక్క ఉన్న నేను. నీ పొట్ట దించి చూడు ముందుగాల."

పొట్ట దించడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు కాబట్టి మనుషులు దిగారు. ఖాళీ కారు చప్పుడు లేకుండా తిరిగింది. అప్పటినుంచి అదే పద్ధతి అయింది. మలుపు కనబడితే కారు ఆగుతుంది. లిఖిత పుస్తకంతో, పాప డబ్బాతో, ఇంద్రమ్మ పీటతో దిగుతారు. మలుపును నడిచి దాటుతారు. కారు ఒంటరిగా తిరిగి ముందు ఆగుతుంది. పీట వేస్తారు, ఎక్కుతారు.

తిన్నటి రోడ్డు మీద మాత్రం జగదీశ్వర్ మొహం వెలిగిపోయింది. లిఖిత ఒళ్లో పుస్తకం తెరిచి పెదవులు కదిలిస్తోంది. చక్రం ఒక్కసారి తిరిగితే ఎంత దూరం పోతుంది, అంత దూరం పోవాలంటే ఎన్నిసార్లు తిరగాలి. చదివినకొద్దీ ఆమె తలే తిరుగుతోంది. బయట వెంచర్లలో ప్లాట్ల హద్దులకు పాతిన రంగురాళ్లు గిర్రున వెనక్కి పోతున్నాయి.

"జర నిదానంగ పోరాదు, ఇన్సూరెన్సు లేదు."

"నిదానంగనే పోతున్న. మీటరు చూడు, నలభై గూడ దాటలే."

మీటరు నిజంగానే నలభై దగ్గర ఉంది. రాళ్లు మాత్రం ఆ మాట నమ్మినట్టు లేవు.

కొంగరకలాన్‌లో జిల్లా ఆఫీసుల దగ్గరి మలుపులో సీతాబాయి తాటిముంజలు అమ్ముతోంది. ఇంద్రమ్మకు అంగట్లో ఏనాటి నుంచో పరిచయం. సీతాబాయి రోడ్డు అవతలి నుంచి చూసినప్పుడు కనబడింది ఇది: ఇంద్రమ్మ కొడుకు కారాపాడు, తల్లిని ఎండలో దించాడు, చేతికి ఒక పీట ఇచ్చాడు, కారు పోనిచ్చాడు. కోడలు పుస్తకంలోంచి తలెత్తకుండా పోతోంది. ఇంద్రమ్మ సీతాబాయిని చూసి పలకరింపుగా పీట ఊపింది. సీతాబాయికి అది కాపాడమని పిలిచినట్టు కనబడింది.

కొద్ది నెలల కిందటే ఆ ఇంటివాళ్లు ఎకరం చెలక ప్లాట్ల వాళ్లకు అమ్మారని ఆమెకు తెలుసు. మిగతా కథ ఆమె స్వయంగా పూర్తి చేసుకుంది. తన కొడుకు ఆటోకు ఇన్సూరెన్సు చేసిన సంజీవకు వెంటనే ఫోన్ కలిపింది. "మీ దోస్తు తల్లిని రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతుండు. కూసొనీకి పీట గూడ ఇంటికాడికెల్లే తెచ్చిండంటే చూడు, ముందుగాలనే అనుకుని వచ్చిండు." అంతటితో ఆగక, ముంజల కోసం బైకాపిన హెడ్ కానిస్టేబుల్ ఇశ్రాయేలుకు కూడా అదే కథ ఇంకాస్త దుఃఖం కలిపి చెప్పింది.

రావిర్యాల మలుపులో మళ్లీ అందరూ దిగి నడుస్తుండగా బైకొకటి కారుకు అడ్డంగా వచ్చి ఆగింది. దిగింది పోలీసాయన. ఆయన నోరు తెరవకముందే లిఖిత పుస్తకం గుండెలకు హత్తుకుని ముందుకొచ్చింది.

"సార్, మార్చింది నిజమే సార్. ఆర్టీవోకు చెప్పలే. ఇన్సూరెన్సోళ్లకు గూడ చెప్పలే. స్టిక్కర్ మీద వేరే సైజుంది. మలుపుల రాసుకుంటున్నయని దిగి నడుస్తున్నం. మా ఆయన మంచోడే సార్, జర షోకు ఎక్కువ."

ఇశ్రాయేలు ముందు ఆమెను, తర్వాత జగదీశ్వర్‌ను చూశాడు. "నేను పెద్దమ్మను ఎందుకు దించిన్రని అడుగుదామని ఆపిన," అన్నాడు. "ఇప్పుడు టైర్లు గూడ చూడాల్నా?"

జగదీశ్వర్ భార్య వైపు చూసిన చూపుకు ఎండ కాస్త తగ్గినట్టయింది.

ఇశ్రాయేలు వంగి చక్రం లోపలికి చూశాడు. లోపలి రేకు అంచుకు నల్లటి గీతలు పడి ఉన్నాయి. "మలుపుల పట్టేస్తే ఏమైతదో తెలుసా? చలాన్ సంగతి తర్వాత మాట్లాడుకుందం. బండి ఇట్ల మాత్రం పోనియ్య."

లిఖిత రోడ్డు పక్కన కూలబడింది. పరీక్ష గేటు మూసే వేళ దగ్గరపడుతోంది. "ఒక్క దినం," అంది మెల్లగా. "ఈ ఒక్క దినం పాత టైర్లతోని పోతే ఏమైతుండె?"

జగదీశ్వర్ నేల చూశాడు. "బస్సు లేక నీ సదువు ఆగిపాయె గద," అన్నాడు. "ఇన్నేండ్లకు పోతున్నవ్. సెంటర్ కాడ ఎత్తు బండిల కెల్లి దిగుతే మంచిగుంటదని."

ఇంత మంచి ఉద్దేశానికి కోప్పడాలో, ఇంత పనికిమాలిన పనికి ఏడవాలో ఆమె తేల్చుకునేలోపు స్పీడ్‌బ్రేకర్ మీద ఇంకో కారు పొట్ట గీసుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి సంజీవ దిగి నేరుగా ఇంద్రమ్మ దగ్గరికి పోయాడు.

"పెద్దమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు. మా ఇంట్ల ఉండు. జగ్గా, సిగ్గులేదురా నీకు? భూమి అమ్మంగనే తల్లి బరువైందా?"

"బరువైన మాట నిజమే నాయనా," అంది ఇంద్రమ్మ. "గని వానికి కాదు, టైరుకు. నీ బండేంది, నేలమీద పాక్కుంట వచ్చింది?"

సంజీవ జవాబు చెప్పేలోపు హర్షిత తల్లి చెయ్యి వదిలించుకుని ఉరికింది. సంజీవ కారు ముందు చక్రం పక్కన కూర్చుని, దాన్ని ఆప్యాయంగా నిమిరింది. "నా చక్రం," అంది.

అందరూ వంగి చూశారు. రిమ్ము నిండా గులాబీ రంగు చుక్కలున్నాయి.

"ఇవి యాడ కొన్నవ్?" అన్నాడు జగదీశ్వర్.

"మల్లేశయ్య దుకాణంల. నిన్న. నావి జర అరిగినయని ఇచ్చేసి..." సంజీవ పక్క కారు వైపు చూశాడు. జగదీశ్వర్ కారు వెనక చక్రం మీద ఒక పక్క చిన్న సొట్ట ఉంది. ఆ సొట్ట తన ఇంటి గేటుకు తగిలి పడిందని సంజీవకు బాగా తెలుసు.

ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. మల్లేశయ్య ఏమీ తడబడలేదు. "రెండూ ఒక కంపెనీ బండ్లేనాయె, బోల్టులు గూడ కలిసినయి. ఆయన పెద్దయి కావాలన్నడు, నువ్వు అరగనియి కావాలన్నవ్. ఇద్దరి బండ్లు ఒక్కదగ్గర్నే ఉండె. టైర్లకు నల్లరంగు కొట్టి మార్చిన. ఇద్దరు ఖుషీగ పోయిన్రు గద."

"ఇద్దరి కాడ పైసలు తీస్కున్నవ్ గద," అన్నాడు సంజీవ.

"పని ఇద్దరిదీ చేసిన గద," అని మల్లేశయ్య పెట్టేశాడు.

ఇశ్రాయేలు సంజీవ కారు తలుపు తీసి స్టిక్కర్ చదివాడు. తర్వాత చక్రం చూశాడు. "నీది గూడ కంపెనీ సైజు కాదు. ఈ బండికి ఇన్సూరెన్సు ఎవరు చేసిన్రు?"

"నేనే," అన్నాడు సంజీవ. అతను ఒక్క మాటలో జవాబు చెప్పగా లిఖిత వినడం అదే మొదటిసారి.

రెండు కార్లకూ జాకీలు పెట్టారు. ఎవరి చక్రాలు వాళ్లకు వచ్చేదాకా చలాన్ పుస్తకం జేబులోనే ఉంటుందని ఇశ్రాయేలు మాటిచ్చాడు. కానీ అందుకు పట్టే వేళకు లెక్కల పరీక్ష సగమవుతుంది. ఆయన లిఖిత చేతిలో పుస్తకం చూశాడు. "నాకు డ్యూటీ కందుకూరు పరీక్ష సెంటర్ కాన్నే. ఎక్కు బిడ్డా," అంటూ బైకుకు తగిలించిన తన భార్య హెల్మెట్ తీసి ఇచ్చాడు.

లిఖిత హెల్మెట్ పెట్టుకుంది. ఎక్కబోయి ఆగింది.

"సార్, మీ టైర్లు కంపెనీయేనా?"

ఇంద్రమ్మ కోడల్ని పీట సాయం లేకుండానే ఎక్కించింది.

కందుకూరులో గేటు మూయబోతుండగా బైకు లోపలికి వచ్చింది. దాని మీద పోలీసు వస్తుండడం చూసి ఎవరు ఏమనుకున్నారో గానీ, చెట్ల కింద ఆఖరి చదువు చదువుతున్న పెద్దమనుషుల చేతుల్లోంచి చాలా చిన్న కాగితాలు గోడ అవతలికి ఎగిరిపోయాయి. గేటు దగ్గరి సారు, ఈమె పట్టుబడి వచ్చిందా, పరీక్షకు వచ్చిందా అని ఇశ్రాయేలును అడిగి, హాల్‌టికెట్టు చూసి లోపలికి పంపాడు.

పేపరు చేతికొచ్చింది. రెండో పేజీలోనే వృత్తాల లెక్క ఉంది. ఒక కారు చక్రం వ్యాసం ఇంత, కారు ఇంత దూరం పోవాలంటే చక్రం ఎన్నిసార్లు తిరగాలి?

లిఖిత కాళ్లు చల్లబడలేదు. మీటర్లో నలభై చూపిస్తూ గిర్రున పరుగెత్తిన రంగురాళ్లు, అరవై చూపిస్తూ ఆటోల వెనక నడిచిన సంజీవన్న ఆమె కళ్లముందుకొచ్చారు. మీటరు లెక్కపెట్టేది తిరుగుళ్లనే. పెద్ద చక్రం ఒక్క తిరుగుడుకు ఎక్కువ దూరం పోతుంది, చిన్నది తక్కువ పోతుంది. ఇంతేనా, అనుకుంది. ఇన్నేళ్లు భయపడింది దీనికేనా అని కొంచెం కోపం కూడా వచ్చింది. వ్యాసం రాసింది, చుట్టుకొలత కట్టింది, దూరాన్ని భాగించింది. శేషం లేకుండా వచ్చింది. చాలాసేపు ఆ జవాబునే చూస్తూ కూర్చుంది.

బయట గేటు దగ్గర హారన్ మోగింది. కిటికీలోంచి తెల్లకారు కనబడింది. ఎప్పటి ఎత్తులోనే, గులాబీ చుక్కల చక్రంతో, పీట మీద కూర్చున్న ఇంద్రమ్మ పక్కన ఒద్దికగా నిలబడి ఉంది. లిఖిత మిగతా లెక్కలన్నీ చేసి, పేపరు ఇచ్చే ముందు చక్రం లెక్క దగ్గరికి మళ్లీ వచ్చింది. జవాబు సరిగ్గానే ఉంది. అయినా ఎందుకైనా మంచిదని కింద ఒక వాక్యం చేర్చింది: టైరు కంపెనీ చెప్పిన సైజుదైతేనే.