లోగనాయకి బోసిమెడ

శుక్రవారం పొద్దున్నే ఆస్పత్రికి పోవాలని లోగనాయకి ముందే అనుకుంది. ఏండ్ల తరబడి ఒళ్ళంతా పోట్లు. చీర కుచ్చిళ్ళు పోసుకున్నా చేతులు లాగేస్తాయి. రెడ్డియార్‌పాళయంలో ఆ వీధి మొత్తం ఆమెకి పెట్టిన పేరు సోమరిపోతు. యానాం నుంచి వచ్చిన డాక్టరు ఫణిధర్ ఒక్కడే నమ్మాడు.

"ఇది ఫైబ్రోమయాల్జియా అమ్మా. తలమీద అయస్కాంతం కాయిల్ పెడతాం. కోత లేదు, సూది లేదు. ఒంటిమీద ఇనుము, బంగారం, వెండి ఏవీ ఉండకూడదు. శుక్రవారం తప్పితే మీ వంతు ఇంకొకరికి పోతుంది," అన్నాడు.

నగలు ఆస్పత్రిలో తీస్తే ఎవరి చేతికిచ్చేది? మొగుడు వరదరాజన్ తెల్లారకముందే కిరుమాంబాక్కం చేనికి పోయాడు. అందుకని తాళి, మెట్టెలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసి దేవుడి గూట్లో పెట్టింది. పిన్నులూ ఇనుమే కదా అని, తడి జుట్టు విరబోసుకునే ఆటో ఎక్కింది.

ఎదురింటి వెళ్ళైయమ్మాళ్ చూసింది. "అయ్యయ్యో! శుక్రవారం పూట ఏందక్కా ఇది? యాడికి?"

"ఆస్పత్రికి," అంది లోగనాయకి, నొప్పికి పళ్ళు బిగించి. ఆటో కదిలింది.

బోసిమెడ, విరబోసిన జుట్టు, పైగా ఆస్పత్రి. ఇంకేం కావాలి? వరదరాజన్ సెల్లు స్విచాఫ్. ఆయన తమ్ముడు లోకనాథన్ ఏడుస్తూ పోయి దండ కొన్నాడు. వాకిట్లో పందిరి లేచింది. శవాన్ని తెచ్చుకోవడానికి అందరూ వ్యాను మాట్లాడుకుని బయల్దేరారు.

లోగనాయకి కుర్చీలో ఉంది. కాయిల్ తలమీద టకటకా కొడుతోంది. తలుపు తోసుకుని గుంపు లోపలికొచ్చి పడింది. వెళ్ళైయమ్మాళ్ ఆమె మెడ కావలించుకుని శోకాలు అందుకుంది.

"తల కదపొద్దు!" డాక్టరు అరిచాడు.

"సచ్చిందెవరే?" అంది లోగనాయకి.

"మీ ఆయనే కదక్కా!"

అప్పుడే వచ్చాడు వరదరాజన్, కాళ్ళకి చేని బురదతో. ఇంటి ముందు పందిరి ఎవరికని అడిగితే ఆయన పేరే చెప్పి, అందరూ ఆస్పత్రికి పోయారన్నారట. "నాకు పందిరేసింది ఎవడ్రా?" అన్నాడు. లోకనాథన్ దండ వీపు వెనక దాచాడు.

లోగనాయకి లేచింది. "పోట్లు పోట్లని ఏండ్లుగా మొత్తుకున్నానే, ఒక్కరన్నా గడప తొక్కినారా? ఈయన సచ్చినాడంటే మాత్రం దండ, వ్యాను, పందిరి! ఏమయ్యో, నువ్వు మాత్రం? ఈ పొద్దు పోకుంటే చేను పారిపోతుందా?"

ఆమె మళ్ళీ కూర్చుంది. "మీరు కానీయండి డాక్టరూ. నా వంతు ఇంకా అయిపోలేదు."

కాసేపటికి వెళ్ళైయమ్మాళ్ మెల్లగా అడిగింది. "సామీ, ఇది మోకాళ్ళకి పనిచేస్తుందా?" వెనకనుంచి ఇంకొకామె "నడుముకో?" అంది. ఇది అన్ని నొప్పులకీ కాదని డాక్టరు చెప్పేది ఎవరూ వినలేదు.

మర్నాడు ఆస్పత్రి బస్సెక్కిన ఆ వీధి ఆడవాళ్ళలో ఒక్కరి మెడలోనూ తాళి లేదు.