లంక మట్టి మహాత్మ్యం

"విషమే వికాసానికి విత్తనం!"

నగర పంచాయతీ సమావేశంలో మా ఛైర్మన్ బాపిరాజు గారు ఈ మహావాక్యం పలకగానే హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. మామూలుగా మా కౌన్సిలర్లు టిఫిన్ ప్లేట్లు లోపలికి వచ్చినప్పుడే అంత ఉత్సాహం చూపిస్తారు. వాక్యం రాసిచ్చింది నేనే కాబట్టి, నా భుజం నేనే చరుచుకోవడం బాగుండదని ఊరుకున్నాను. నేను రిటైరైన తెలుగు మేష్టార్ని. బాపిరాజు గారి ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుంటాను. ఆయనకి ఉపన్యాసాలు రాసిపెడతాను. ఆయన అద్దె పెంచరు. సాహిత్యానికి ఇంతకన్నా ఆదరణ ఈ రోజుల్లో ఎక్కడా లేదు!

ఇక విషం సంగతి. మా ఊరి చివర ఒక పాత పురుగుమందుల గోడౌను ఉంది. కంపెనీ వాళ్ళు ఎప్పుడో తాళం వేసి, మిగిలిపోయిన మందు డ్రమ్ములు అక్కడే గొయ్యి తీసి పాతిపెట్టి, చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయారు. వానాకాలం వస్తే ఆ నేల నల్లగా ఊరి, ముక్కు పగిలిపోయే కంపు కొడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్నదే గోడౌను వీధి. అక్కడంతా చేపలు పట్టేవాళ్ళూ, రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్ళూ. వాళ్ళ బోర్లలో నీళ్ళు పసుపు నీళ్ళలా వస్తాయి.

ఆ వీధిలో నాగదుర్గ అని ఒకావిడ ఉంది. రొయ్యలు ఒలవడం ఆవిడ పని. ఆవిడకి కావలసింది వీధి మొగలో ఒక కుళాయి. నగర పంచాయతీ మంచినీళ్ళ ట్యాంకు ఆవిడ గుమ్మంలోంచి చక్కగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దాన్ని చూస్తోంది, కుళాయి అడుగుతోంది. అడిగినప్పుడల్లా మావాళ్ళు, "విషమా? మనూళ్ళోనా? ఉత్త చెమ్మ వాసనమ్మా అది" అని పంపించేసేవారు. కూతురి ఒంటినిండా దద్దుర్లొస్తే మా కౌన్సిలర్, మెడికల్ షాపు సత్యదుర్గారావు గారు అది చెమటకాయలని తేల్చి, పౌడరు డబ్బా అమ్మారు. అసలు ధరకే, పాపం.

అలాంటి సమయంలో పై నుంచి ఒక పథకం దిగింది. పేరు కలుషిత భూముల పునరుద్ధరణ పథకం. భూమి ఎంత చెడిపోతే అంత ఎక్కువ నిధులు! శుభ్రం చేసి, పైన పార్కు కట్టుకోవచ్చు. తెల్లారేసరికి మా ఊరి చెమ్మ వాసన కాస్తా ప్రాణాంతక విషవాయువుగా మారిపోయింది. పక్క ఊరివాళ్ళు తమ డంపింగ్ యార్డు ఫోటోలు పంపారని తెలిసి బాపిరాజు గారు పకపకా నవ్వారు.

"చెత్తండీ అది! ఉత్త చెత్త! మందనేది మన దగ్గరుందండీ. ఖరీదైన సరుకు!"

పరిశీలనకి ఆఫీసరు గారు వచ్చిన రోజున నాగదుర్గకి కబురు మీద కబురు వెళ్ళింది. ఆవిడ షెడ్డు నుంచి అలాగే, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది.

"నాగదుర్గా, అయ్యగారి ముందు ఒక్కసారి దగ్గమ్మా!" అన్నారు బాపిరాజు గారు.

"ఇప్పుడు రావట్లేదండీ."

"నిన్న బాగానే దగ్గేవుగా! ఊరి పరువమ్మా, కాస్త ప్రయత్నం చెయ్యి."

"అలాగేనండి. కుళాయి ఏయించేస్తారాండీ మరి?"

"పని పూర్తయిన మర్నాడే! నాదీ పూచీ."

ఆవిడ దగ్గింది. మొదలుపెట్టడం ఛైర్మన్ గారి కోసం మొదలుపెట్టింది గానీ ఆపడం ఆవిడ వల్ల కాలేదు. గోడ పట్టుకుని వంగిపోయింది. ఆఫీసరు గారు మొహం తిప్పుకున్నారు. మావాళ్ళు మాత్రం గర్వంగా ఒకరినొకరు చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మీద ఒక మంచి పద్యం రాయవచ్చు గానీ, ఆ సాయంత్రం నాకు పడిన పని నిధుల మంజూరు కోసం అర్జీ రాయడం.

నిధులు వచ్చాయి. కాంట్రాక్టు రమణబాబు గారికి దక్కింది. విషపు మట్టిని నిలువు లోతున తవ్వి, ఎక్కడో దూరాన ఉన్న శుద్ధి కేంద్రానికి పంపాలి. గోతిలో మంచి ఇసుక నింపాలి. పని మొదలుపెట్టించడానికి మళ్ళీ వచ్చిన ఆఫీసరు గారు వెళ్ళేముందు అందరి ఎదుటా ఒక మాట గట్టిగా చెప్పారు.

"ఈ మట్టి దారిలో ఎక్కడ ఒలికినా ఊరుకోను. ఎవరి స్థలంలో కనిపిస్తే ఆ స్థలం చుట్టూ ముళ్ళకంచె వేయించి, పుర్రె బొమ్మ బోర్డు పెట్టిస్తాను. ఇక దాన్ని అమ్మడానికీ లేదు, అందులో ఉండడానికీ లేదు!"

ఆయన నంబరు గోడౌను గోడ మీద ఎర్ర రంగుతో రాయించి మరీ వెళ్ళారు. మావాళ్ళు తలలు ఊపారు.

ఇక్కడ మా గోదావరి సీమ గురించి ఒక రహస్యం చెప్పాలి. మాది పల్లపు నేల. రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తవుతుంది, ఇల్లు పల్లమవుతుంది. కాబట్టి మావాళ్ళకి బంగారం కన్నా ముందు కావలసింది మెరక చేసుకోవడానికి మట్టి! పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా "స్థలం మెరక చేయించేరాండీ?" అని అడుగుతారు. అందులోనూ గోదావరి లంకల నుంచి వచ్చిన నల్లటి ఒండ్రు మట్టి తోలించారంటే వాళ్ళ హోదాయే వేరు.

గోడౌను మట్టి కూడా నల్లగానే ఉంటుంది.

శుద్ధి కేంద్రం దాకా డీజిలు కాల్చడం దేశానికి నష్టమని రమణబాబు గారికి తోచింది. ట్రాక్టర్లు గోడౌను గేటులోంచి బయటికి వచ్చి, మెయిన్ రోడ్డు మీద పట్టపగలు ఊరేగి, పెద్దవీధిలోకి తిరిగాయి. బాపిరాజు గారు మా పోర్షన్ ముందే కడుతున్న కొత్త మేడ చుట్టూ, సత్యదుర్గారావు గారి కొబ్బరి చెట్ల మొదళ్ళలో, ఇంకా అనేకమంది గౌరవనీయుల దొడ్లలో ఆ మట్టి పోశారు. పైసా పుచ్చుకోలేదు. ఊరి పెద్దల మీద గౌరవం కొద్దీ పోశానని రమణబాబు గారే చెప్పారు.

"లంక మట్టేనా?" అని బాపిరాజు గారు అడిగారు.

"తమరికి వేరే మట్టి తోలతానాండీ!"

అంతటితో విచారణ ముగిసింది. తర్వాత సత్యదుర్గారావు గారు నా చెవిలో, "ఛైర్మన్ గారికి పోసింది గోడౌను మట్టేనండి మేష్టారూ. నాది మాత్రం అసలైన లంక మట్టి" అన్నారు. ఛైర్మన్ గారు నా రెండో చెవిలో అదే మాట పేర్లు తిరగేసి చెప్పారు. నేను మాత్రం ఆ మట్టి ముట్టలేదు. నిప్పులాంటి మనిషినని అనుకోకండి, నాకు పోయించుకోవడానికి స్థలం లేదు!

కొత్త మేడ గృహప్రవేశం నాటికి ముసురు పట్టింది. షామియానా కింద నేల బాగా నానింది. విస్తళ్ళు వేసేసరికి వాసన లేచింది. ఏ వాసనో అందరికీ తెలుసు. ఒక్కరైనా ముక్కు మూసుకుంటే ఒట్టు! ముక్కు మూసుకుంటే రేపు తమ ఇంటికి వచ్చినవాడూ మూసుకుంటాడు.

"ఏం ఏర్పాట్లండీ! ఏం మెరకండీ!" అన్నారు సత్యదుర్గారావు గారు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

"ఆనందబాష్పాలండీ," అన్నారు పక్కాయన, తనవి కూడా తుడుచుకుంటూ.

ఛైర్మన్ గారి భార్య కనకమహాలక్ష్మి గారు పళ్ళెం పట్టుకుని వరసంతా తిరిగారు. "మొహమాటపడకండి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులండీ. ఇంకోటి ఏసుకోవాలి!" అని బలవంతం చేశారు. వేసుకున్నాను. నెయ్యి వాసనా రాలేదు, బెల్లం రుచీ తెలియలేదు. నోట్లో పురుగుమందు కరిగినట్టయింది. "అమోఘం తల్లీ!" అన్నాను.

ఆ తర్వాత కొబ్బరి చెట్లు పిందెలు రాల్చడం మొదలుపెట్టాయి. పెద్దవీధి బోర్లలో నీళ్ళు పసుపెక్కాయి. కనకమహాలక్ష్మి గారి చేతుల నిండా దద్దుర్లు. ఈసారి సత్యదుర్గారావు గారు పౌడరు అమ్మే స్థితిలో లేరు, ఆయనా గోక్కుంటున్నారు. బాపిరాజు గారు రోజూ కారేసుకుని రావులపాలెం వెళ్ళి, డిక్కీలో నీళ్ళ క్యాన్లు పెట్టి, పైన అరటి గెలలు కప్పి తెచ్చుకునేవారు. ఇంట్లో గెలలు పేరుకుపోయి నాకు పూటకో హస్తం పళ్ళు వచ్చేవి. నీళ్ళు మాత్రం వచ్చేవి కావు. వెనక పోర్షన్‌కి బోరు నీళ్ళే.

బయటికి చెబుదామా అంటే ముళ్ళకంచె, పుర్రె బొమ్మ! పెద్దవీధికి కుళాయి వేయిద్దామా అంటే తీర్మానంలో కారణం రాయాలి. "మా బోరు నీళ్ళు కొబ్బరి నీళ్ళండీ, కుళాయి మాకెందుకు" అని వీధి వీధంతా కుళాయి కనెక్షన్లు వద్దని సంతకాలు పెట్టి ఉన్నారాయె.

చివరికి పెద్దలంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. మట్టిని వచ్చిన చోటికే పంపేయాలి! గోతిలో ఇసుక ఇంకా సగమే నిండింది. మిగతా సగంలో మట్టి కొట్టేసి, పైన పచ్చగడ్డి పరిచేస్తే పార్కు తయారు. మధ్యాహ్నం భోజనాలై ఊరంతా కునుకు తీసే వేళ చూసుకుని ట్రాక్టర్లు బయలుదేరాయి.

గోడౌను వీధి మొగలో నాగదుర్గ దారికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఆవిడ పక్కనే ఆ వీధి ఆడవాళ్ళంతా. డ్రైవరు హారను కొట్టి కొట్టి అలిసిపోయాక కారులోంచి బాపిరాజు గారు దిగారు. వెనక సీట్లోంచి నేనూ దిగాను. ఏదైనా మాట అవసరమైతే అందించడానికి నన్ను తెచ్చుకున్నారు.

"కాస్త లెగమ్మా నాగదుర్గా, బండి ఎళ్ళాలి."

"ఆయ్, లెగుస్తానండి. ఏం మట్టండీ అది?"

"మట్టేనమ్మా. మట్టిలో రకాలేంటి!"

"మంచిదేనాండీ?"

"మంచిదేంటి, లంక మట్టి! బంగారం!"

"మరి బంగారాన్ని పారబోసుకుంటారేంటండీ? వద్దండీ, ఉంచుకోండి. మేం పుచ్చుకోం."

బాపిరాజు గారు నా వైపు చూశారు. నేను ట్రాక్టరు చక్రాల వైపు చూశాను.

"సరే, అంత మంచిది కాదనుకో..." అన్నారు మెల్లగా.

"కాదనే అనండి. అదేం మట్టో ఆ ఒక్క మాటా పైకి అనేసి పోసుకోండి. మేం అడ్డు రామండి." ఆవిడ చేతులు చెంగుకి తుడుచుకుని ఫోను తీసింది. పక్కవాళ్ళూ తీశారు. "ఆఫీసరు గారి నంబరు గోడ మీదే ఉందండి. ఆయన్ని కూడా ఇనమందాం."

ఎన్నికల్లో గంటలు గంటలు మాట్లాడిన గొంతు అది. ఒక్క మాట రాలేదు! విషం అంటే కొత్త మేడకి కంచె. మంచి మట్టి అంటే ఇంటికి తిరుగు ప్రయాణం. ఆయన మట్టి వైపూ, ఫోన్ల వైపూ చూసి చూసి, చివరికి డ్రైవరుతో, "తిప్పరా," అన్నారు. ట్రాక్టర్లు వరసగా తిరిగి పెద్దవీధికి వెళ్ళిపోయాయి. నాకు ఈల వేయాలనిపించింది. అద్దెకున్నవాణ్ణి కాబట్టి వేయలేదు.

ఆ వారమే నగర పంచాయతీ అత్యవసరంగా సమావేశమైంది. గోడౌను వీధి పేదల దాహం తీర్చేదాకా తనకి నిద్ర పట్టదని బాపిరాజు గారు గద్గద స్వరంతో ప్రకటించారు. ఇరవై ఏళ్ళు కదలని పైపులైను మూడు రోజుల్లో పరుగెత్తుకొచ్చింది. కుళాయికి పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. నాగదుర్గ కూతురు దోసిలి పట్టి తాగి, "చప్పగా ఉందమ్మా!" అని నవ్వింది. మంచినీళ్ళకి వాసనా రుచీ ఉండవని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

మర్నాడు తెల్లవారేసరికి గోడౌను వీధి మొగలో స్కూటర్లు, కార్లు. సత్యదుర్గారావు గారు రెండు క్యాన్లతో ఉన్నారు. కనకమహాలక్ష్మి గారు తలమీద ముసుగు లాక్కుని ఇత్తడి బిందెతో వచ్చారు. నాది ప్లాస్టిక్ బిందె. అందరికన్నా ముందు బాపిరాజు గారు, పెద్ద క్యానుతో.

"నీళ్ళ నాణ్యత పరీక్ష చేయించాలమ్మా. ప్రజల ఆరోగ్యం కదా, రోజూ శాంపిల్ తీస్తాం," అన్నారాయన, ఎవరూ అడక్కుండానే.

నాగదుర్గ అప్పుడే తన బిందె కుళాయి కింద పెట్టబోతోంది. ఆయన మొహమూ, కనకమహాలక్ష్మి గారి చేతుల మీది దద్దుర్లూ చూసింది. బిందె పక్కకి తీసేసింది.

"ముందు మీరు పట్టుకోండి ఛైర్మన్ గారూ. మా ఒళ్ళు ఎప్పుడో అలవాటు పడిపోయిందండి. మీకింకా కొత్త."

బాపిరాజు గారు నోరు తెరిచారు. నా వైపు చూశారు. తర్వాత "ఆయ్" అని, వంగి, క్యాను కుళాయి కింద పెట్టారు.