ఏడో నంబరు బండి కదలరాదు

మానవజాతి నిప్పును ఎప్పుడు కనిపెట్టిందో ఎవరూ ఇదమిత్థంగా చెప్పలేరు గానీ, దాన్ని ఆర్పే బండిని ఎటూ కదలకుండా నిలబెట్టే విద్యను కనిపెట్టింది మాత్రం నిస్సందేహంగా మా టానర్స్ ఫోర్డ్ ఊరే. పెన్సిల్వేనియా కొండల్లో మాలాంటి ఊళ్లకు కొదవ లేదు. వాటికీ చర్చీలున్నాయి, వాగులున్నాయి, జీతం లేకుండా మంటలార్పే వాలంటీర్లున్నారు. స్మారక శకట పరిరక్షణ మండలి మాత్రం మాకే ఉంది. (పక్క ఊరివాళ్లు ఓర్వలేక దీన్ని తుడుపు సంఘం అంటారు.)

ఆ శకటం ఏడో నంబరు ఫైరింజన్. దాని కథలో నవ్వడానికేమీ లేదు కనుక క్లుప్తంగా చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా దాణా మిల్లు తగలబడినప్పుడు ఆ బండి పంపు దగ్గర నిలబడ్డవాడు వెండెల్ జర్బీ. లోపల మనుషులుండగా పంపు దగ్గరివాడు అక్కణ్ణుంచి కదలకూడదు. ఈ పనిలో అది మొదటి పాఠం. మిల్లు గోడ తనమీదికి ఒరుగుతున్నా వెండెల్ కదల్లేదు, నీళ్లు ఆగలేదు. లోపల చిక్కుకున్న ఎల్‌వుడ్ హాల్డెమన్ ఆ నీటి గొట్టాన్నే తడుముకుంటూ బయటికొచ్చి బతికాడు. వెండెల్ శవపేటికను ఆ బండి మీదే శ్మశానానికి తీసుకెళ్లాం.

బండికి వయసు మళ్లాక దాన్ని వాగొడ్డున నిలిపి స్మారకం చేద్దామన్నది ఎల్‌వుడ్డే. ఇప్పుడతను జుట్టు నెరిసిన పెద్దమనిషి. ఊరంతా సరేనంది. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత మండలి ఏర్పడింది, ఎల్‌వుడ్ దానికి అధ్యక్షుడయ్యాడు.

మండలికి ఎదురైన మొదటి ప్రశ్న: నిలబెట్టిన ఫైరింజన్ వాహనమా, భవనమా? వాహనమైతే ఏటా తనిఖీకి నడుపుకుంటూ వెళ్లాలి. కానీ స్మారకం కదలరాదు. మూడు సమావేశాలు, లెక్కలేనన్ని డోనట్లు అయ్యాక, అది "తాత్కాలికంగా చక్రాలు కలిగిన భవనం" అని తీర్మానించారు. భవనం అనగానే భవన నిబంధనలు వచ్చి కూర్చున్నాయి. ఫైరింజన్ లోపల పొగను పసిగట్టే గంట పెట్టాలి, పెట్టారు. ఫైరింజన్‌కు మంటలార్పే సిలిండర్ తగిలించాలి, తగిలించారు. ఫైరింజన్‌కు నిప్పంటుకుంటే అక్కడికి ఫైరింజన్ చేరుకోవడానికి అడ్డంకుల్లేని దారి ఉండాలి. దానికోసం ఇరవై అడుగుల దారి వేసి, దానిలో పిల్లి కూడా ఆగరాదని బోర్డు పెట్టారు. పైన దేవదారు పలకలతో చూడముచ్చటైన కప్పు వేశారు. (దేవదారు బాగా మండుతుంది, కానీ చరిత్రకు దగ్గరగా ఉంటుంది.)

ప్రతి శనివారం బండి తుడిచే కార్యక్రమం. ఎక్కేవాళ్లు బూట్లకు గుడ్డ సంచులు తొడుక్కోవాలి, ముట్టుకునేవాళ్లు తెల్ల చేతితొడుగులు వేసుకోవాలి. దానికి ఊరు ఊరంతా తరలివస్తుంది. నాకు వెనక ఎడమ చక్రం ఇచ్చారు. కుడి చక్రం కోసం ఇద్దరు బావమరుదులు మాట్లాడుకోవడం మానేశారు. గురువారం సాయంత్రం అసలు ఫైరింజన్‌తో మంటలార్పే శిక్షణ కూడా ఉంటుంది. దానికి నలుగురు వస్తారు. ఎందుకంటే మా అగ్నిమాపక దళంలో ఉన్నదే నలుగురు.

ఆ నలుగురిలో చీఫ్ మార్సెలీన్ కెసింజర్ ఓబర్‌హోల్ట్‌జర్. అంత పేరు పిలిచేలోపు కొంప కాలిపోతుంది కనుక అందరూ మార్సీ అంటారు. పగలు స్కూలు బస్సు నడుపుతుంది. ఒక గురువారం ఆమెకో సంగతి తెలిసింది. మా ఊళ్లో మంటలకు పనికొచ్చే వీధి కొళాయిల్లేవు, నీళ్లకు వాగే దిక్కు. వాగులోంచి నీళ్లు ఎక్కాలంటే ముందు గొట్టంలోని గాలిని లాగేయాలి. ఆ పని చేసే చిన్న పంపును ప్రైమర్ అంటారు, గుమ్మడిపిందెంత ఉంటుంది. పనిచేసే ఒకే ఒక్క బండి, తొమ్మిదో నంబరుది, దాని ప్రైమర్ పాడైంది. బండి ట్యాంకులో ఉన్న నీళ్లు అయిపోతే ఇక అది పెద్ద హారను ఉన్న ఎర్ర లారీ, అంతే.

శనివారం పొద్దున మేం చక్రాలు తుడుస్తుండగా మార్సీ వచ్చింది.

"ఎల్‌వుడ్ గారూ, తొమ్మిదో బండి వాగులో నీళ్లు లాగట్లేదండీ. ప్రైమర్ పోయింది."

"కొత్తది తెప్పించుకోమ్మా."

"చేసే కంపెనీయే మూతపడింది. దేశమంతా ఫోన్లు కొట్టాను. దొరికేది ఒక్కచోటే."

ఎల్‌వుడ్ ఆమె చూపు ఎటుందో గమనించాడు. గమనించి, ఏడో నంబరు బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"దీని జోలికి రావద్దు మార్సీ."

"మీరు తుడిచే బంపర్ అడగట్లేదండీ. లోపల ఎవరికీ కనపడని ముక్క."

"ఆ ముక్క పనిచేసింది కాబట్టే నేనివాళ నీ ముందు నిలబడ్డాను."

"ఇంకొకళ్లు కూడా అలా నిలబడాలనే కదండీ నేనడిగేది!"

జవాబు లేనప్పుడు మా ఊళ్లో చేసే పనే ఎల్‌వుడ్ చేశాడు. బహిరంగ విచారణ ప్రకటించాడు.

విచారణకు హాలు నిండిపోయింది. వెండెల్ భార్య లోర్నా జర్బీ ముందు వరసలో కూర్చుంది. ఎనభైకి దగ్గరపడ్డా మాటలో పదును తగ్గలేదు. బెల్లంపాకంతో చేసిన షూఫ్లై పై అనే మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుంది, ఎవరికీ పెట్టలేదు.

మండలి కార్యదర్శి ప్రిసిల్లా లట్జ్ కళ్లద్దాలు సర్దుకుని నిబంధన వినిపించింది. "స్మారకం నుంచి ఏ భాగాన్ని తొలగించాలన్నా, ఆ స్మారకం ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తి స్వయంగా సంతకం చేయాలి."

"ఆయన పోయాడు కదమ్మా ప్రిసిల్లా," అంది లోర్నా.

"అందుకేగా స్మారకం."

"అయితే నేనే వెళ్లి అడగాలి. వెళ్లడం పెద్ద పని కాదు, ఎలాగూ దగ్గరపడ్డాను. సంతకం పట్టుకుని తిరిగి రావడమే కాస్త కష్టం."

హాలంతా నవ్వింది. ఎల్‌వుడ్ నవ్వలేదు. లోర్నా అతని వైపు తిరిగింది.

"ఏమయ్యా ఎల్‌వుడ్, వెండెల్‌ని నువ్వెరుగుదువు. ఎవడికైనా పానా కావాలంటే తన జేబులోది తీసిచ్చే మనిషి. ఇవాళ ఆయనుంటే ఆ ముక్క తనే ఊడదీసి ఈ పిల్ల చేతిలో పెట్టేవాడా, కాదా?"

"పెట్టేవాడే లోర్నా గారూ. కానీ ఆయన దగ్గర్నించి మాకు మిగిలింది అదొక్కటే."

"నాకు మిగిలింది కూడా అదేనయ్యా. నేనిమ్మంటున్నాను."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! సభ్యులు గుసగుసలాడుకున్నారు. ప్రిసిల్లా ఒక మధ్యేమార్గం సూచించింది. ప్రైమర్‌కు అచ్చు గుద్దినట్టుండే చెక్క నమూనా చేయించి తొమ్మిదో నంబరు బండికి బిగిద్దామంది.

"దాంతో నీళ్లు రావండీ," అంది మార్సీ.

"చూసేవాళ్లకు తేడా తెలీదు."

"మంటకు తెలుస్తుంది!"

పోనీ ఏడో నంబరు బండినే అవసరమైనప్పుడు బయటికి తీయనివ్వండి, అని మార్సీ బతిమాలింది. ప్రిసిల్లా ఎంతో ఓపికగా వివరించింది: అది భవనం. భవనం మంట దగ్గరికి వెళ్లదు. మంటే భవనం దగ్గరికి రావాలి. చెక్క నమూనాకు అందరూ చేతులెత్తారు. లోర్నా మిఠాయి డబ్బాకు మూత పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది.

మా ఊళ్లో మంట మాట వింటుంది కాబోలు. వేసవిలో వెండెల్ జ్ఞాపకార్థం ఏటా జరిగే కోడి విందు వచ్చింది. సిమెంటు దిమ్మెలు పేర్చి, మధ్యలో బొగ్గులు పోసి, పైన ఇనపజల్లెడ మీద వందల కోళ్లను సగానికి చీల్చి కాలుస్తారు, మధ్యమధ్య వెనిగర్ చల్లుతారు. స్మారకం చుట్టూ బల్లలు, గుడారాలు, కార్లు నిండిపోయాక ఖాళీగా మిగిలింది ఒకే ఒక్క చోటు. పిల్లి కూడా ఆగరాదన్న ఆ ఇరవై అడుగుల దారి. అక్కడ ఏమీ పెట్టకూడదు కనుక అది ఖాళీగా ఉంది, ఖాళీగా ఉంది కనుక కోళ్ల పొయ్యిలు అక్కడే పెట్టారు.

వెండెల్ పేరు చదువుతుండగా గాలి తిరిగింది. దేవదారు కప్పు అంటుకుంది. పొగను పసిగట్టే గంట మోగింది గానీ, అందరం అది కార్యక్రమంలో భాగమనుకుని లేచి నిలబడి గౌరవంగా టోపీలు తీశాం.

తొమ్మిదో నంబరు బండి వచ్చింది. దారిలో కోళ్లున్నాయి కనుక బేస్‌బాల్ మైదానం తొక్కుకుంటూ వచ్చింది. ట్యాంకులోని నీళ్లు కొట్టారు, అయిపోయాయి. గొట్టం వాగులో వేశారు. చెక్క ప్రైమర్ చూడ్డానికి చాలా బాగుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టని మనవాళ్లంటారు. మాకు పక్కనే వాగు నిండుగా పారుతోంది, తవ్వే శ్రమ కూడా లేదు. జనం నిమ్మరసం జగ్గులు పట్టుకుని పరుగెత్తారు. కప్పు మండుతూ పలకలు బండి మీద రాలుతున్నాయి.

"ఎల్‌వుడ్!" అని లోర్నా అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలీదు. "చూస్తూ నిలబడ్డావేంట్రా! పంపు దగ్గర ఎవడున్నాడు?"

ఎల్‌వుడ్ గుడ్డ సంచుల్లేకుండా బూట్లతోనే ఏడో నంబరు బండెక్కాడు. తాళం తిప్పాడు. బండి మొదటి ప్రయత్నంలోనే గర్జించింది. (ప్రతి ఆదివారం చర్చి అయ్యాక దొంగచాటుగా దాన్ని స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కేదాకా కూర్చునేవాడట. ఇంజన్ స్టార్ట్ చేయరాదన్న నిబంధన రాసింది తనే.) మార్సీ గొట్టాన్ని ఏడో బండికి బిగించి వాగులోకి తోసింది. ప్రైమర్ కీచుమంది, గొట్టం వణికింది, నీళ్లు ఎక్కాయి.

మార్సీ, మిగతా ముగ్గురూ నీళ్లు కొడుతుంటే ఎల్‌వుడ్ పంపు దగ్గర నిలబడ్డాడు. మండే పలక ఒకటి అతని భుజం పక్కగా పడింది. పక్కకు రమ్మని మేమంతా అరిచాం. అతను కదల్లేదు. రెండు చేతులూ మీటల మీద పెట్టి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆ రోజు మొదటిసారిగా మా ఊరి స్మారకం నాకు స్మారకంలా కనిపించింది.

మంట ఆరింది. బండికి ఏమీ కాలేదు. కోళ్లు తడిశాయి. (అయినా తిన్నాం.)

సోమవారం ఎల్‌వుడ్ పానాలు పట్టుకుని మండలికి వచ్చాడు. "నాదే తప్పు. ప్రైమర్ ఊడదీసి మార్సీకి ఇచ్చేద్దాం. ఇవాళే," అన్నాడు. లోర్నా తలుపు దగ్గర నిలబడి ఉంది, ఈసారి మిఠాయి డబ్బాకు మూత తీసి ఉంది.

ప్రిసిల్లా కళ్లద్దాలు సర్దుకుంది. "చాలా మంచి ఆలోచన ఎల్‌వుడ్ గారూ. కానీ మీరు తొడుగుల్లేకుండా స్మారకాన్ని తాకారు. మీరే రాసిన నిబంధన ప్రకారం ఆ క్షణం నుంచి మీరు అధ్యక్షులు కారు, సభ్యులు కూడా కారు. స్మారకం చుట్టూ కట్టిన తాడుకు అవతలే నిలబడాలి."

"అయితే ఓ ఊరివాడిగా అడుగుతున్నాను. ఇవ్వండి."

"ఎలా ఇస్తామండీ? మొన్నటిదాకా ఆ ప్రైమర్ చెప్పుకోదగ్గ అగ్నిప్రమాదం ఒక్కదానిలో వాడింది. ఇప్పుడు రెండింటిలో వాడింది. దాని చారిత్రక విలువ రెట్టింపైంది. ఇకమీదట దాన్ని చూడాలన్నా అనుమతి కావాలి."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా ఊళ్లో చచ్చినవాడి పంపు కళ్లు కూడా చారెడే. ఎల్‌వుడ్ పానాలు లోర్నా చేతిలో పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "నేనే రాశాను లోర్నా గారూ. ఒక్కో నిబంధనా కూర్చుని నేనే రాశాను," అన్నాడు. లోర్నా మిఠాయి కోసి అతనికో ముక్క పెట్టింది. అతను తినలేకపోయాడు. అతని బంపర్ తుడిచే బాధ్యత నాకు అప్పగించారు.

ఇక మార్సీకి ఏమీ చేయలేదని మండలిని తప్పుపట్టడానికి వీల్లేదు. దళం సేవలకు గుర్తింపుగా వాగొడ్డున కొత్త నల్లరాయి ప్రతిష్ఠించారు. పైన వెండెల్ పేరు. దాని కింద నున్నగా, ఖాళీగా చాలా చోటు. లోర్నా చేతికర్ర ఊతంగా వంగి చూసింది.

"ఆయన పేరు కింద ఇంత ఖాళీ ఎందుకమ్మా?"

"ముందుచూపండీ," అంది ప్రిసిల్లా. "మాటిమాటికీ కొత్త రాయి ఎక్కడ తెస్తాం? ఇంకో నలుగురికి సరిపోయేలా వదిలాం."

తొమ్మిదో నంబరు బండిలో చెక్క ప్రైమర్ ఇప్పటికీ అలాగే ఉంది. నలుగురూ ప్రతి గురువారం శిక్షణకు వెళ్తూ ఆ రాయి పక్కనుంచే నడుస్తారు. మూడు పేర్లు సులువుగానే పడతాయట. మార్సీది మాత్రం ఒక వరసలో పడుతుందో లేదోనని, చెక్కేవాడు మొన్న స్కూలు బస్సు ఆపి మరీ పేరు కొలుచుకుని వెళ్లాడు.