సగం ధరకు పగడాల పడవ

ఒక పెద్ద అడవిలో సెలయేటి నీటిమట్టం కొలవడానికి ఒక శాఖ ఉండేది. అందులో నీళ్ళలోకి దిగే ఉద్యోగి ఒక్కతే, పైడితల్లి అనే నీటికుక్క. మిగతావాళ్ళంతా గట్టున కూర్చుని ఆమె చెప్పిన కొలత కింద సంతకాలు పెట్టేవాళ్ళు.

ముప్పై ఏళ్ళు అలా మునిగీ తేలీ పైడితల్లి రిటైర్మెంటుకు దగ్గరపడింది. ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండిపోయింది. ఎక్కడో సముద్రంలో పగడపు దిబ్బలుంటాయట, వాటి సందుల్లో రంగురంగుల చేపలు తిరుగుతాయట, కన్ను మూసేలోగా వాటిని ఒక్కసారి చూడాలి. సర్వీసు మొత్తంలో ఒకే ఒక్కసారి ఇచ్చే విదేశీయాత్రను ఆమె ఇన్నాళ్ళూ వాడకుండా దీనికోసమే దాచుకుంది. వచ్చే నెల దిగిపోతే ఆ అవకాశం కూడా పోతుంది.

కాకపోతే నిబంధన ఒకటుంది. ఒక్కరే వెళ్ళకూడదు, బృందంగా వెళ్ళాలి. బృందం ఏ పడవ ఎక్కాలో ఒక కమిటీ తేల్చాలి.

కమిటీకి అధ్యక్షుడు సూపరింటెండెంటు జంబుకరావు, నక్క. సభ్యుడు హెడ్డు గుమస్తా భల్లయ్య, ఎలుగుబంటి. ఇద్దరికీ ఈత రాదు. నీళ్ళ విషయంలో నిష్పక్షపాతంగా ఉంటారని వాళ్ళను వేశారు. పైడితల్లికి నీళ్ళతో పూర్వ సంబంధాలు ఉన్నాయి కాబట్టి కమిటీలో చోటు దొరకలేదు.

ముగ్గురూ విమానం దిగి ఆ దీవి రేవుకు చేరారు. అక్కడ పడవలోనే తిని, పడవలోనే పడుకుని, రోజుకు నాలుగుసార్లు సిలిండరు తగిలించుకుని సముద్రంలోకి దిగే ఐదు రోజుల యాత్రలు అమ్ముతారు. పైడితల్లి నెల రోజులు కూర్చుని అడగాల్సిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి తెచ్చుకుంది. రోజుకు ఎన్నిసార్లు దింపుతారు, దిబ్బ ఎంత దూరం, గైడు వెంట ఎంతమంది, మాస్కూ సిలిండరూ ధరలో కలిసే ఉన్నాయా అని. జంబుకరావు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, పరిశీలిస్తామన్నాడు.

మొదటి పడవ ఒక ముసలి తాబేలుది. అడక్కుండానే అన్నీ చెప్పింది. రోజుకు నాలుగుసార్లు దింపుతుందట, నలుగురికి ఒక గైడట, సామానంతా ధరలోనేనట. పైడితల్లికి ప్రాణం లేచొచ్చింది. భల్లయ్య రాత్రిళ్ళు పెరుగు వేస్తారా అని అడిగాడు, వేస్తామంది. జంబుకరావు ఎంత తగ్గిస్తావని అడిగాడు. తగ్గదంది తాబేలు. పోనీ మాట దక్కించడానికి ఒక్క రూపాయైనా తగ్గించమన్నాడు. అదీ తగ్గదంది. బేరం ఆడనివ్వని చోట కొన్నామని అడవిలో తెలిస్తే పరువేం కానని జంబుకరావు విసవిసా బయటికొచ్చేశాడు.

రెండో పడవ గూడబాతుది. దానిదీ అదే ధర. కానీ అది మంచి మనిషి, కాదనడం తెలియదు.

జంబుకరావు పావు వంతు తగ్గించమన్నాడు. సరేనంది గూడబాతు, అయితే గైడు ఉండడంది. ఈత రాని మనకు గైడెందుకని భల్లయ్య తలూపాడు. జంబుకరావు ఇంకాస్త తగ్గించమన్నాడు. సరేనంది, అయితే ఐదు రోజులకూ కలిపి దిగడం ఒక్కసారేనంది. ఒక్కసారి చూస్తే చాలదా అన్నాడు జంబుకరావు, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ అని. చివరికి సగం ధర దగ్గర పట్టుబట్టాడు. గూడబాతు కాసేపు ఆలోచించి, సరే కానీ డీజిలు ఉండదంది.

“డీజిలు మేమేమన్నా తాగుతామా? తీసెయ్.”

పైడితల్లి ఇక ఉండబట్టలేకపోయింది. “సార్, డీజిలు లేకుండా పడవ ఎలా కదుల్తుందండీ?”

“చూడమ్మా పైడితల్లీ, అది సాంకేతిక విషయం. బయల్దేరాక చూసుకుందాం.”

బయల్దేరడం అంటూ ఉంటే కదా. ఐదు రోజులూ పడవ రేవులోనే ఉంది. భల్లయ్య మూడు పూటలా తిని, ఆవకాయ జాడీ ఖాళీ చేసి, సముద్రమంటే ఇంత ప్రశాంతంగా ఉంటుందనుకోలేదన్నాడు. జంబుకరావు లైఫ్ జాకెట్ వేసుకుని నాలుగు వైపులా ఫొటోలు దిగాడు. రెండోరోజు పొద్దున తాబేలు పడవ పక్కనుంచే దిబ్బల వైపు సాగిపోయింది. అది చుక్కంతైపోయి కనపడకుండా పోయేదాకా పైడితల్లి అంచున నిలబడి చూసింది.

జంబుకరావు దగ్గరికెళ్ళి డీజిలు తనే పోయిస్తానంది, తన సొంత డబ్బుతో, ఒక్క పూటకైనా పోనివ్వమంది. అంత పెద్దావిడ చేతులు జోడించేసరికి భల్లయ్యకు కూడా ముద్ద దిగలేదు.

జంబుకరావు మాత్రం బాధగా తల అడ్డంగా ఊపాడు. “అప్పుడది సగం ధర ఎలా అవుతుందమ్మా? కమిటీ మినిట్స్‌లో సగం ధర అని రాసేశాం.”

ఆఖరి రోజు ఒప్పందం ప్రకారం ఉన్న ఆ ఒక్కసారి దిగింది పైడితల్లి. కింద బురద ఉంది, రెండు సీసాలున్నాయి, ఎవరిదో తెగిన చెప్పు ఉంది, లంగరు ఉంది. లంగరు పక్కన బూడిదరంగు చేపపిల్ల ఒకటి ఆమెను చూసి జాలిపడ్డట్టు ఆగి వెళ్ళిపోయింది. సిలిండర్లో గాలి ఉన్నంతసేపూ ఆమె పైకి రాలేదు, అక్కడే కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

అడవికి తిరిగొచ్చాక జంబుకరావుకు పెద్ద సన్మానం జరిగింది. సగం ధరకే విదేశీ సముద్రం సాధించినందుకు సింహం స్వయంగా శాలువా కప్పింది. రికార్డు కోసం పైడితల్లిని కూడా వేదిక మీదికి పిలిచి, ఐదు రోజులూ పడవలోనే ఉన్నారా అని అడిగింది. ఉన్నామంది. సముద్రంలోకి దిగావా అంది. దిగానంది.

“ఎంత లోతుకు వెళ్ళావు?”

“లంగరు దాకా వెళ్ళానండీ.”

సభంతా చప్పట్లు కొట్టింది. లంగరంటే ఏదో చాలా లోతైన చోటనుకున్నారు పాపం. మర్నాడే ఆమె రిటైరైంది, వచ్చే ఏడాది యాత్రకు కూడా ఆ కమిటీనే కొనసాగించారు.

నీతి: ఈత రానివాళ్ళు ఎంచిన పడవ ఎన్నడూ మునగదు, కదిలితే కదా మునగడానికి.