పసుపు వైరు నిషిద్ధం

బొమ్మ నాణ్యత కాపాడాలంటే బొమ్మ కనబడకుండా చూడటమొక్కటే మార్గమని దివ్యదృష్టి కేబుల్ సంస్థ ఎట్టకేలకు కనిపెట్టింది. మసక బొమ్మకు వంక పెట్టవచ్చు, అడ్డగీతల బొమ్మకు వంక పెట్టవచ్చు. అసలు రాని బొమ్మకు వంక పెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఈ మహత్తర సూత్రం లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, లచ్చమ్మ ఇంట్లో అమలైంది. ఆవిడ దగ్గర యాభై అంగుళాల ప్లాస్మా టీవీ ఉంది. బదిలీ మీద పోతూ పై క్వార్టరు వాళ్లు మోయలేక వదిలేశారు. (నలుగురు పట్టినా కదలదు. ఆ కాలపు వస్తువులకు అంత ఆత్మగౌరవం ఉండేది.) ఇన్నేళ్లూ బొమ్మ నిక్షేపంలా వచ్చింది. పోయిన నెల సంస్థ పాత సెట్‌టాప్ డబ్బాలు పీకేసి, ఎవరూ అడగకుండానే కొత్తవి పెట్టింది. కొత్త డబ్బా వైరును పాత టీవీ ఒప్పుకోలేదు. తెర నల్లబడింది.

ఆ రోజు నాలుగింటికి లచ్చమ్మ కూతురు యోగిత రాష్ట్ర కబడ్డీ ఫైనల్ ఆడుతోంది. కూతురి ఆట ఆవిడ ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు. ఫోన్లో చూద్దామంటే కంటి ఆపరేషన్ అయ్యాక మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. పక్కింటి జెరూషా టీవీలో చూద్దామంటే పద్నాలుగో నిబంధన ఉంది: మెకానిక్ వచ్చేటప్పుడు వినియోగదారు టీవీ పక్కనే ఉండాలి, లేకుంటే ఫిర్యాదు కొట్టివేత. మెకానిక్ ఒంటిగంటకూ ఐదింటికీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. పాలకు పోయిందని ఒకసారి, తలుపు ఆలస్యంగా తీసిందని ఇంకోసారి ఇప్పటికే కొట్టేశారు. మూడోసారి కొట్టేస్తే కనెక్షనే ఉండదు. అందుకని లచ్చమ్మ మధ్యాహ్నం నుంచి నల్లటి తెర ముందు కాపలా కూర్చుంది.

నాలుగున్నర దాటాక మెకానిక్ రాఘవేందర్ వచ్చి టీవీ వెనక తల దూర్చాడు.

"నీ టీవీ బంగారమమ్మా. ఈ పసుపుపచ్చ వైరు పెడితే నిమిషంల బొమ్మొస్తది."

"మరి పెట్టు బిడ్డా!"

"పెట్టొద్దంట. క్వాలిటీ తగ్గుతదంట."

"క్వాలిటీని ఏంజేసుకోను? నాకు నా బిడ్డ కనవడాలె!"

రాఘవేందర్ మంచివాడే. చిత్ర నాణ్యతా పరిరక్షణాధికారి ఉదయ్ భాస్కర్ గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. (ఈ పదవి పేరు పలికేలోపు సగం ఆట అయిపోతుంది.)

"అలా ఎలా కుదురుతుందయ్యా? పసుపు వైరులో వాళ్లమ్మాయి మొహం మసగ్గా వస్తుంది. పాపం, ఆ పిల్లకి అవమానం కాదూ? సరే, ఇప్పుడు తెర మీద నలుపు ఎలా ఉంది?"

"మస్తు నల్లగుంది సార్."

"చూశావా! ప్లాస్మా నలుపంటే నలుపే. మరకా మచ్చా లేదుగా? ఆవిణ్ణి పక్కన నిలబెట్టి యాప్‌లో ఫోటో పంపు, ఫిర్యాదు ముగించేద్దాం."

గోడవతల హోరు లేచింది. జెరూషా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, యోగిత కూతకు పోతుంది! ఇదే ఆఖరిది, జల్ది రా!"

లచ్చమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాకా వెళ్లింది.

"పోకమ్మా! ఫోటోల నువ్వు లేకుంటే కనెక్షన్ కట్ చేస్తరు. ఒక్క నిమిషం నిలవడు," అని రాఘవేందర్ బతిమాలాడు.

నిలబడింది. ఆవిడ ముఖం స్పష్టంగా లేదని మొదటి ఫోటోను యాప్ తిప్పికొట్టింది. (యాప్‌కు కూడా నాణ్యత ముఖ్యం, ఛీ!) రెండోది తీయబోతుండగా గోడ అదిరేలా కేకలు లేచాయి.

"గెలిచిందా?" అంది లచ్చమ్మ, టీవీ పక్క నుంచి కదలకుండానే.

"గెలిచింది అక్కా! ముగ్గుర్ని ముట్టొచ్చింది! కెమెరా దిక్కు చూసి అమ్మా అని చెయ్యి సుత ఊపింది!"

రాఘవేందర్ రెండో ఫోటో తీశాడు. అందులో వినియోగదారు కన్నీళ్లు ఎక్కడా మసక లేకుండా పడటంతో ఉదయ్ భాస్కర్ గారు దాన్ని వెంటనే ఆమోదించి, 'పూర్తి సంతృప్తి' కింద నమోదు చేయించారు.