అద్దాలాయన ఇంట కళ్ళకలక

ఆ శనివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గినీపిగ్గులు రెండింటి కళ్ళలో మందు చుక్కలు వేయాలి, వెళ్ళి తన కళ్ళజోళ్ళ దుకాణం తెరవాలి, మధ్యాహ్నం వాటిని పశువుల డాక్టరమ్మకి చూపించుకుని వచ్చి హాయిగా ఒక కునుకు తీయాలి. అంతే. ఇందులో ఊరంతా వచ్చి పడడానికి సందెక్కడుందో ఆయనకే కాదు, ఎవరికీ తట్టేది కాదు.

పేరులో పిగ్గుందన్న మాటే గానీ గినీపిగ్గుకీ పందికీ ఏ చుట్టరికమూ లేదు. చెవులు కురచైన కుందేలు పిల్లని తోక మరిచిపోయి తయారుచేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కూతురు ముచ్చటపడి రెండింటిని తెచ్చింది. ముచ్చట తీరకముందే చదువుకని వేరే ఊరు వెళ్తూ వాటిని తండ్రికి అప్పజెప్పింది. బొచ్చు కళ్ళమీద పడే దానికి జులపాలు అనీ, నున్నగా ఉండే దానికి గుండు అనీ పేర్లు. సాయంత్రం ఆయన వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, దోసకాయ ముక్క కోసం రెండూ ఈలలు వేసేవి. తను ఇంటికి వచ్చినందుకు ఈల వేసే ప్రాణి ఆ ఇంట్లో ఇంకొకటి లేకపోవడంతో అద్దాలాయనకి వాటిమీద ప్రాణం.

చిక్కల్లా వాటి కళ్ళతోనే వచ్చింది. ఎర్రబడతాయి, నీళ్ళు కారతాయి, రెప్పలు అంటుకుపోతాయి. డాక్టరమ్మ మందిస్తే తగ్గుతుంది. తగ్గిందని సంతోషించేలోపల మళ్ళీ మొదలు. మధ్యలో ఓసారి అందరూ పెళ్ళికి వెళ్తూ వాటిని డాక్టరమ్మ దగ్గరే వదిలితే, అక్కడున్నన్నాళ్ళూ కళ్ళు అద్దాల్లా మెరిశాయి. ఇంటికి తెచ్చాక కథ మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇలాగే పదే పదే వస్తుంటే నల్లగుడ్డు మీద పుండు పడుతుందండీ. అప్పుడు చూపుకే మోసం. మీ ఇంట్లోనే ఏదో ఉంది, కనిపెట్టండి," అంది డాక్టరమ్మ.

కనిపెట్టండి అన్న మాట అద్దాలాయనతో అనకూడదు. గడియారం ఎందుకు ఆగిందో చూద్దామని విప్పి, ఎందుకు నడిచేదో కూడా తెలియకుండా చేసే రకం ఆయన. పైగా ఊళ్ళో నలుగురి కళ్ళూ చూసే మనిషి ఇంట్లో కళ్ళ జబ్బా! ఇల్లు పీకి పందిరి వేశాడు. బోనులో రంపపు పొట్టు తీసేసి మెత్తటి గుడ్డ పరిచాడు. ఎండుగడ్డి పుల్లలు గుచ్చుకుంటున్నాయేమోనని ఒక్కొక్క పరకా ఏరి వేశాడు. భార్య నేల తుడిచే మందు వాసన ఘాటని దాన్ని పారబోసి, ఉత్త నీళ్ళతో తుడవమన్నాడు. అత్తగారి పౌడరు డబ్బాని అటకెక్కించాడు. మొదటిసారి ఎర్రబడినప్పటినుంచీ రోజూ భూతద్దం పెట్టి ఆ నాలుగు కళ్ళనీ చూసే అలవాటుంది, ఇప్పుడు పొద్దునా సాయంత్రం రెండుసార్లు పరీక్షించాడు. ఎంత శ్రద్ధగా చూస్తే అంత ఎర్రగా కనిపించేవి.

"ఏమండీ, ఇవాళ బడిలో పరీక్షలు. నేను పట్టుకోలేను. అమ్మని అడగండి," అని లెక్కల టీచరైన భార్య ఆ శనివారం పొద్దున చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

మందు వేయాలంటే ఇద్దరుండాలి. ఒకరు తువ్వాలు చుట్టి పట్టుకోవాలి, ఒకరు రెప్ప తెరవాలి. అత్తగారు పౌడరు లేని మొహంతో అల్లుణ్ణి ఓసారి చూసింది.

"నేను తయారయ్యేసరికి నీ దుకాణం వేళవుతుంది బాబూ. అక్కడికే వస్తా, పద. పట్టుకోమంటే పట్టుకుంటా గానీ వాటి మొహం మాత్రం చూడను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

అలా గినీపిగ్గులు బుట్టలో, బుట్ట గుడ్డ కింద, అత్తగారు బుట్ట వెనక, అందరూ దుకాణానికి చేరారు. చూపు పరీక్షించే గది తెర వెనక ఉంటుంది. ఇరుకు. బుట్టని బయట కుర్చీ కిందకి తోసి, ముందుగా జులపాలుని ఎత్తుకుని ఇద్దరూ తెర వెనక్కి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరు గారు లోపలికి వచ్చారు. పెద్దమనిషి, తలమీద ఒక్క వెంట్రుక లేదు. ఈమధ్య అక్షరాలు అలుక్కుపోతున్నాయని కొత్త అద్దాలకోసం వచ్చారు. గుమ్మం గంట మోగగానే తెర వెనకనుంచి, "కూర్చోండి! ఇప్పుడే వస్తా!" అని కేక వినబడింది. ఆయన ఆ కుర్చీలోనే కూర్చున్నారు.

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యా. పోయినసారి కరిచాడు."

"కాళ్ళు కొట్టుకుంటున్నాడు బాబూ!"

"కొట్టుకోనీండి. తువ్వాలు మెడదాకా బిగించండి. రెప్ప నేను విప్పుతా."

కీచుమని ఒక అరుపు. పోస్టుమాస్టరు గారు చేతిలోని పాత కళ్ళజోడు పెట్టుకున్నారు, అదేదో వినికిడికి పనికొస్తుందన్నట్టు.

"పాపం, కళ్ళనీళ్ళు నా చేతిమీద ధారగా కారుతున్నాయి," అంది ఆడగొంతు.

"ఈసారి కూడా తగ్గకపోతే చూపు పోయినట్టే. ఒకడి తర్వాత ఒకడికి వస్తోంది. ఇతనిది అయింది. ఇక గుండుని పట్టుకుందాం. ఎక్కడున్నాడు?"

"బయట కుర్చీ దగ్గర."

"వాడు తేలిగ్గా లొంగడు. తువ్వాలు పట్టుకెళ్ళి, ముందు మొహంమీద కప్పేసి, అప్పుడు లాక్కురండి."

పోస్టుమాస్టరు గారి చెయ్యి అప్రయత్నంగా తన తలని తడుముకుంది. తెర పక్కకి జరిగింది. రెండు చేతులతో తువ్వాలు చాపి పట్టుకుని, తల వంచుకుని కుర్చీవైపే, అత్తగారు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

"భయపడకు నాన్నా, ఒక్క నిమిషమే," అంది ఆవిడ, మొహం చూడకుండానే.

పోస్టుమాస్టరు గారు రెండు అంగల్లో గుమ్మం దాటారు. గొడుగు అక్కడే ఉండిపోయింది.

ఆ ఊళ్ళో పోస్టుమాస్టరు గారి చేతికిచ్చిన ఉత్తరం ఎప్పుడు అందుతుందో చెప్పలేం గానీ, ఆయన నోటికి అందిన కబురు మాత్రం క్షణంలో చేరుతుంది. మొదట పక్కనున్న క్షౌరశాలకి చేరింది. "అద్దాలాయన దుకాణంలో ఏదో అంటుజబ్బు! ఒకడినుంచి ఒకడికట! వచ్చినవాళ్ళని తువ్వాళ్ళతో కట్టి మందులు పోస్తున్నారు. కొందరికి చూపు కూడా పోయింది!"

క్షౌరశాలాయన ముందురోజే ఆ దుకాణంలో నాలుగు ఫ్రేములు పెట్టి చూసుకున్నాడు. వినగానే కన్ను దురద పెట్టింది. గడ్డం సబ్బు చేత్తోనే నలుముకున్నాడు. రెండో నిమిషానికి ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాటిని చూసి ఎదురుగా ఉన్న పుస్తకాల షాపు ఆవిడ తన కళ్ళు నలుముకుంది. ఆవిడని చూసి ఇంకొకరు. కన్ను విచిత్రమైనది, దాని గురించి ఆలోచిస్తే చాలు దురద పెడుతుంది. కాసేపటికి వీధి వీధంతా కళ్ళు నలుపుకుంటూ, ఒకరి కళ్ళు ఒకరు చూసుకుంటూ, అద్దాలాయన దుకాణం ముందు చేరింది.

లోపల అద్దాలాయనకి ఇదేమీ తెలియదు. గుండు కంట్లో కూడా మందు వేసి, పోస్టుమాస్టరు గారు ఎందుకలా వెళ్ళిపోయారో కాసేపు ఆలోచించి, అంతకంటే ఆసక్తికరమైన ఆలోచన రావడంతో దాన్ని వదిలేశాడు. పొట్టు కాదు, పౌడరు కాదు, నేల మందు కాదు. మిగిలింది గడ్డి. పుల్ల గుచ్చుకోకపోవచ్చు, మరి దుమ్ము?

"అత్తయ్యా, ఆ బుట్టలో గడ్డి ఇలా ఇవ్వండి."

"నీకెందుకు గడ్డి?"

"చూద్దాం."

గుప్పెడు ఎండుగడ్డి తీసుకుని, కళ్ళు బార్లా తెరిచి, తన మొహంమీదే టపటపా దులుపుకున్నాడు. అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు, వీధిలో కబురు విన్న మున్సిపాలిటీ ఆరోగ్య ఇన్‌స్పెక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆవిడకి ఎదురుగా కనబడింది ఉబ్బిన ఎర్రటి కళ్ళతో ఏడుస్తున్న కళ్ళజోళ్ళ వ్యాపారి, మొహం కప్పుకున్న ఒక ముసలావిడ.

"మీకు ఇది ఎప్పట్నుంచి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ, గుమ్మం దగ్గరే ఆగి.

"నాకా? ఇప్పుడేనండీ. కావాలనే తెచ్చుకున్నా."

"కావాలనా! ముందు ఎవరికి వచ్చింది?"

"జులపాలుకి. చాలాకాలంగా బాధపడుతున్నాడు. తర్వాత గుండుకి."

"వాళ్ళెవరు?"

"మా ఇంట్లోనే ఉంటారు. మా అమ్మాయి తీసుకొచ్చింది. తను చదువుకి వెళ్తూ మా దగ్గర వదిలేసింది."

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు తగ్గించింది. "అంటే... ఇద్దర్నీనా?"

"ఒక్కణ్ణే తెస్తే వాడికి తోచదు కదండీ."

"మీరేమీ అనలేదా?"

"మొదట్లో నాకూ నచ్చలేదమ్మా," అంది అత్తగారు కొంగు తీయకుండా. "పనీపాటా లేదు. పొద్దస్తమానం తినడం, పడుకోవడం. కానీ అలవాటైపోయారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"కుర్చీ కింద," అన్నాడు అద్దాలాయన.

ఇన్‌స్పెక్టరమ్మ వంగింది. బుట్టమీద గుడ్డ ఎత్తింది. జులపాలూ గుండూ ఒకేసారి ఆవిణ్ణి చూసి ఈల వేశాయి. ఆవిడ చాలాసేపు వంగే ఉంది. లేచేసరికి మొహం ఎర్రబడింది, కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. కానీ అద్దాల బయట జనం ముక్కులు ఆనించి చూస్తున్నారు. వచ్చినావిడ ఊరికే వెళ్ళిపోతే మర్యాదగా ఉండదు.

"జంతువులనుంచి మనుషులకి అంటుకుందా అన్నది తేలాలి. పదండి, పశువుల డాక్టరు దగ్గరికి," అంది గంభీరంగా.

బుట్ట పట్టుకుని అద్దాలాయన, పక్కన అత్తగారు, వెనక ఇన్‌స్పెక్టరమ్మ, ఆ వెనక కళ్ళు నలుపుకుంటున్న వీధి. అందరికంటే వెనక, తలకి టోపీ పెట్టుకుని పోస్టుమాస్టరు గారు. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి ఈ ఊరేగింపు చూసి, "నేను మనుషులని చూడనండీ!" అని ముందే కేక వేసింది.

విషయం చెప్పాక ఆవిడ లోపలికి రానిచ్చినవాళ్ళు ముగ్గురే. మిగతావాళ్ళు కిటికీకి అతుక్కున్నారు. డాక్టరమ్మ జులపాలు రెప్పలు తిప్పి చూసింది, గుండు పళ్ళు కూడా చూసింది. కంట్లోనుంచి పాలలాంటి తెల్లటి చుక్క రాగానే కిటికీ బయట హాహాకారాలు లేచాయి.

"అది జబ్బు కాదు. మొహం కడుక్కోడానికి వీటికి సబ్బులాంటిది," అంది డాక్టరమ్మ. "ఇది అంటుజబ్బే కాదు. ఏదో పడి కళ్ళు మండుతున్నాయి, అంతే. మీరందరూ చేతులు కిందకి దించితే మీ కళ్ళూ తగ్గుతాయి."

వీధి చేతులు దించింది. దించాక దురద లేకపోవడం చూసి కాస్త నిరాశపడినట్టే కనిపించింది.

"మరి ఏం పడుతోందండీ?" అన్నాడు అద్దాలాయన. "ఇంట్లో తీయని వస్తువు లేదు. మా అత్తగారిని ఒక్కరినే మిగిల్చాను. కంటికి రెప్పలా చూసుకుంటున్నాను, రోజూ రెండుసార్లు పరీక్షిస్తున్నాను."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎలా పరీక్షిస్తున్నారు? ఒకసారి చేసి చూపించండి."

ఇంతకాలానికి తన పనితనం చూపించమన్న మనిషి దొరికింది. అద్దాలాయన నడుం నిటారుగా పెట్టాడు. చొక్కా జేబులోనుంచి భూతద్దం తీశాడు. పాంటు జేబులోనుంచి దుకాణంలో అద్దాలు తుడిచే మందు సీసా తీశాడు. బుట్టమీదకి వంగి, భూతద్దాన్ని గుండు మొహానికి జానెడు దూరంలో పట్టి, ఆ అద్దంమీద మందు బుస్సు బుస్సుమని చిమ్మాడు. ఒక వైపు, తర్వాత రెండో వైపు. సన్నటి తుంపర మంచులా కిందకి దిగింది. గుండు కళ్ళు గట్టిగా మూసుకుంది. జులపాలు అప్పటికే మూసుకుని ఉంది. దానికి అలవాటే.

"చూశారా? ఇదిగో, మళ్ళీ మొదలైంది!" అన్నాడు అద్దాలాయన ఆత్రంగా భూతద్దం తుడుచుకుంటూ.

కిటికీలో ఎవరో "ఓహో" అన్నారు. అద్దాలాయన చేతిలో సీసాని చూసుకున్నాడు. గినీపిగ్గులని చూశాడు. మళ్ళీ సీసాని చూసుకున్నాడు. తుడుస్తున్న చెయ్యి మెల్లగా ఆగిపోయింది.

"నేనేనా?" అన్నాడు చిన్నగా.

"ఎర్రబడ్డాయని చూడటం, చూడటంవల్ల ఎర్రబడటం," అంది డాక్టరమ్మ, సీసా ఆయన చేతిలోనుంచి నెమ్మదిగా తీసుకుంటూ. "పుండు ఇంకా పడలేదు, అదృష్టవంతులు. ఇవాళ్టినుంచి మందు మీ ఆవిడ వేస్తారు. మీరు దోసకాయ పెట్టండి, దూరంనుంచి."

ఇన్‌స్పెక్టరమ్మ బయటికి వెళ్ళి, ప్రజలకి ప్రమాదమేమీ లేదనీ, గినీపిగ్గులకి ఉన్న ప్రమాదం కూడా ఇప్పుడే తప్పిందనీ ప్రకటించింది. జనం ఇళ్ళకి వెళ్ళారు. పోస్టుమాస్టరు గారు మర్నాడు గొడుగు కోసం వచ్చి, అద్దాలకి కూడా కొలతలిచ్చారు గానీ, తెర తీసి ఉంచితేనే కూర్చుంటానన్నారు.

రెండు వారాలు అద్దాలాయన చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆయన్ని చూసిన కొత్తలో గినీపిగ్గులు కళ్ళు మూసుకునేవి, అది చూసి ఆయన ఇంకో అడుగు వెనక్కి వేసేవాడు. తర్వాత తర్వాత మూసుకోవడం మానేశాయి. ఒకరోజు సాయంత్రం ఫ్రిజ్ తలుపు తీయకుండానే ఈల వేశాయి. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు, సంతోషంతో.

డాక్టరమ్మ ఆఖరిసారి చూసి, నాలుగు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయని చెప్పింది. అత్తగారితో కలిసి బుట్ట సర్దుతూ అద్దాలాయన ఆగాడు. ఎంతైనా పుట్టుకతో వచ్చిన గుణం.

"ఇంతకీ డాక్టరమ్మా, వీటి చూపు ఎలా ఉంటుందంటారు?"

"మంచి చూపేనండీ. కళ్ళు రెండూ పక్కలకి ఉంటాయి కదా, చుట్టూ ఉన్నదంతా కనిపెట్టేస్తాయి. సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనబడదు."

"అయితే పరాయివాళ్ళేం కాదు," అంది అత్తగారు, "మా ఇంటివాళ్ళే."