పుట్టువెంట్రుకల రణమున తిప్పేశ విజయము

వినుడు, సభాసదులారా! చెవులు గలవారు చెవులు నిక్కించుడు, ఫోనులు గలవారు వానిని కాసేపు జేబులో పడవేయుడు. మృగశిర కార్తె అడుగుపెట్టియు మబ్బు మొగము చూపని జ్యేష్ఠమాసమున, ఒకానొక ఆదివారమున, చండప్రచండమార్తాండుడు నెత్తిమీది కెక్కి దిగనని భీష్మించుకొని యున్న వేళ, పెన్నకు పేరు మిగిలి నీరు మిగలని సీమలో, గాలిమరలు గుట్టల కొనలపై రెక్క యాడింపక తపస్సు చేయుచుండగా, వేరుసెనగ విత్తనకాయల మూటలు అటకలపై కూర్చుండి ఆకాశమును తిట్టుకొనుచుండగా, అనంతపుర మహామండలమున రాప్తాడు దాటి, హైవే దిగి, కంపచెట్ల నడుమ మట్టిబాట పట్టి పోగా వచ్చు చౌడమ్మ గుట్ట క్రింద, అద్దెకు తెచ్చిన షామియానా నీడలో, ఘోరసంగ్రామమొకటి జరిగెను. అందు ఏనుగులు లేవు, గుర్రములు లేవు. ఒక పీట, ఒక కత్తి, ఒక పసివాడు, వాని మేనమామ మాత్రము ఉండిరి.

ముందుగా నీకు నమస్కారము, ఓ దడా! పిలువని పేరంటమునకు తయారై వచ్చుదానా, ఎందుకు వచ్చితివన్న జవాబు చెప్పనిదానా, పులి ఎదుట ఊరకుండి పెండ్లిపందిట్లో పేట్రేగుదానా! ఈ కావ్యమునకు మూలము నీవే. కథ ముగియువరకైనను నా గుండె జోలికి రాకుము.

ఇక మన నాయకుడు. ఇంటిపేరు మనకేల, పేరు తిప్పేష్. కావ్యగౌరవము కొరకు తిప్పేశుడందము. రాప్తాడు బస్టాండు ప్రక్కన మోటారు వైండింగు షాపునకు ఏకైకాధిపతి. కాలిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి ప్రాణము పోయు దగ్ధయంత్రపునర్జీవనధురంధరుడు. కరెంటు షాకు కొట్టిన చేయి విదిల్చి టీ చెప్పు నిర్భయశిఖామణి. షాపులో దూరిన నాగుబామును కట్టెతో బయటికి సాగనంపిన ధీరుడు. అట్టివానిని నలుగురి నడుమ కదలక కూర్చుండుమన్న చాలు, అరచేతులు చెమర్చును, గుండె దరువు వేయును, ఊపిరి గొంతులో అడ్డము పడును, ఇక చచ్చితినని తోచును. అట్లు చచ్చితినని తోచి అతడు అనంతపురము ఆసుపత్రులకు పరుగెత్తిన సందర్భములు పెక్కు. ప్రతిసారియు ఈసీజీ యంత్రము కాగితముపై గీతలు గీసి, గుండె గుండ్రాయివలె నున్నదని తేల్చి, వెనుకకు పంపుచుండెను. ఏమియు లేదు పొమ్మను మాటకంటె రోగికి అవమానకరమైనది వైద్యశాస్త్రమున మరొకటి లేదు.

ఏమియు లేదని తేలిన మరుక్షణము బంధుజనులందరును వైద్యులైరి. ఒకరు తాయెత్తు కట్టిరి. ఒకరు నిమ్మకాయ దిగదుడిచి మూడుదారుల కూడలిలో తొక్కించిరి. మడకశిర నుండి వచ్చిన ఒక బావ, సరిహద్దు కావల దొరకు సారాయి ప్యాకెట్టు నొకదానిని దివ్యౌషధమని చేతిలో పెట్టెను. మనసు గట్టి చేసికొమ్మని చెప్పని వాడు పాపాత్ముడు. మాత్రలు మాత్రము ముట్టవద్దు, అలవాటై పోవునని అందరును ఏకకంఠముగా హెచ్చరించిరి. నడుము నొప్పికొక మాత్ర, మోకాటి నొప్పికొక సూది, ఆపై మరొక మాత్రను ఉడికిన శెనక్కాయలవలె నమలు మహాజనులే వీరు. తుదకు అనంతపురములో ఒక మనసు డాక్టరమ్మ, ఎవరును అడుగని ప్రశ్నలడిగి, ఓపికతో విని, ఇట్లు తేల్చెను: ఇది గుండెజబ్బు కాదు, పిరికితనము కాదు, దడజబ్బు. ఇప్పటికి నీకు మాత్రలు అక్కరలేదు. కావలసిననాడు నేనే ఇచ్చెదను, పుచ్చుకొనుటలో సిగ్గు లేదు. అది వచ్చినప్పుడు లేచి పరుగెత్తకుము. పరుగెత్తితివా, మరునాడు అది ఇంకొక అడుగు ముందుకు వచ్చును. కూర్చున్నచోటనే కూర్చుండి, వేడి రాగిసంగటి ముద్దను ఊది చల్లార్చునట్లు ఊపిరిని మెల్లమెల్లగా వదలుము. అది ఎక్కును, ఎక్కి ఎక్కి, దిగును.

ఆయుధమిది. మహర్షులు అస్త్రములిచ్చినప్పుడు మెరుపులు మెరిసెనని విందుము. ఇచట ఫ్యాను కిర్రుమనెను.

ఇక యుద్ధకారణము వినుడు. తిప్పేశునికి చౌడేశ్వరి అను చెల్లెలు కలదు. నాయన లేని పిల్ల. ఆమె పెండ్లిలో అప్పగింతల వేళ, నాయన స్థానమున నిలిచి చెల్లెలి చేతిని అత్తవారి చేతిలో పెట్టవలసిన ఈ ధీరుడు, దడ పుట్టి, పందిరి వెనుకనుండి ఉడాయించి, ఆటో ఎక్కి ఆసుపత్రిలో తేలెను. అప్పగింతలు ఎవరో దూరపు చిన్నాయన కానిచ్చెను. నాటినుండి చౌడేశ్వరి మామగారు బయ్యన్న, కూరలో ఉప్పు తక్కువైన ప్రతిసారియు, మీ పుట్టింట్లో మగదిక్కు లేదుగదా అని దెప్పుచుండెను. ఉప్పునకును మగదిక్కునకును గల సంబంధము ఆయనకే ఎరుక.

ఇప్పుడు చౌడేశ్వరి కొడుకునకు పుట్టువెంట్రుకలు. మేనమామ ఒడిలో కూర్చుండబెట్టుకొననిదే పసివాని నెత్తిన కత్తి పడరాదు. వెంట్రుకలు తీయనిదే పొట్టేలి కూర పొయ్యి దిగరాదు. ఇది ఆ వంశపు కట్టడి. మేనమామ రాకపోయినచో కూర్చుండబెట్టుటకు బయ్యన్న తన వైపు వరస కుదుర్చుకొని మరొక మామను సిద్ధముగా నుంచెను. అతడు వచ్చి, తెల్లచొక్కా తొడిగి, అప్పుడే పీటవైపు చూచుచుండెను. ముందునాడు చౌడేశ్వరి అన్నకు ఫోను చేసి ఒక్క మాటయే చెప్పెను.

“అన్నా, ఆ పీట మీద ఇంకొకరు కూచుంటే, నాకు పుట్టిల్లు లేనట్టే. నీకు చేతగాకుంటే ఇప్పుడే చెప్పు, నేను తట్టుకుంటా. ఆడికొచ్చి పారిపోవద్దు.”

తిప్పేశుడు వచ్చెదననెను, వచ్చెను, పీటపై ఆసీనుడయ్యెను. మేనల్లుని ఒడిలోనికి తీసికొనెను. చౌడేశ్వరి రాలు వెంట్రుకలను పట్టుటకు పసుపుగుడ్డ చాచి ఎదుట మోకాళ్ళపై కూర్చుండెను. మంగలి చెన్నప్ప పసివాని తల తడిపి, కత్తిలో కొత్తబ్లేడు బిగించి, మేనమామను ఉద్దేశించి, ఒడి కదలరాదు, కదిలితే తెగునని హెచ్చరించెను. హెచ్చరిక చెవిన పడుటయే తడవు, ఎక్కడనో గుట్ట మాటున పొంచియున్న దడ చెవులు రిక్కించెను.

కత్తి కదలెను. కుడిప్రక్క వెంట్రుకలు రాలెను. సరిగ్గా సగము నెత్తి నున్నబడిన వేళ, ఇటు కొండ అటు అడవి అన్నట్లు పసివాడు కనబడుచుండగా, దడ వచ్చి పడెను. అరికాలినుండి అంటుకొని, తొడలను దడదడలాడించి, కడుపు మీదుగా ఎదమీది కెక్కి కూర్చుండెను. తిప్పేశుని నొసట చెమట ధారలు కట్టెను. కన్నులు నిలువుగుడ్లు పడెను. చెన్నప్ప భయపడి కత్తి పైకెత్తెను. వీరుడు పెదవులు ముందుకు చాచి, వేడి సంగటి తలచుకొని, ఫూ అని దీర్ఘముగా ఊదెను.

ఆ ఊదుడు విన్న సుబ్బలక్ష్మమ్మ అను ముసలమ్మ చేతులు జోడించి లేచి నిలిచెను.

“అమ్మవారు ఒంటిమీదికొచ్చింది.”

అంతే! షామియానా క్రింద సముద్రము పొంగినట్లాయెను. వచ్చినది చౌడమ్మయే అని ఒక పక్షము, ఆ బుసను బట్టి నాగమ్మయని ఒక పక్షము వాదమునకు దిగిరి. పసుపునీళ్ళు తెచ్చిరి, వేపమండలు తెచ్చిరి. గుడికడ కూర్చుండి బీడీలు కాల్చుచున్న ఉరుములవారు, ఉరుములను పేరి జంటతోళ్ళ వాద్యములను భుజములకు తగిలించుకొని వచ్చి, వీరుని చెవులకు జానెడు దూరమున నిలిచి, మబ్బులు చేయని పనిని తాము చేసిరి. దడకు తాళము దొరకెను. ఆహా, ఇంతకాలమును అది ఒంటరిగా దరువు వేయుచుండెను గదా! నిన్నటివరకు మగదిక్కు లేదని దెప్పిన బయ్యన్న, తలగుడ్డ తీసి, పీట ఎదుట సాష్టాంగముగా పడి, దుమ్ములో నుదురానించెను.

“తల్లీ, వాన యాడికి పోయినాది? ఏసిన బోరల్లా ఎండిపోతాండాది. ఒక్క మాట చెప్పు తల్లీ, ఈ ఏడన్నా విత్తుదుమా, వద్దా?”

అప్పుడు తిప్పేశుని ఎదమీద కూర్చున్న భీతి, గొంతు సవరించుకొని, అతనికి మాత్రమే వినబడునట్లు ఇట్లు ఉపన్యసించెను: “ఓయి తిప్పేశా! వడ్డించిన విస్తరి ఎదుటకు వచ్చినది, ఏల చేయి కడుగవు? లెమ్ము! రెండు కేకలు వేయుము. వేపమండ చేతబట్టి గుట్ట వెనుకకు పరుగెత్తుము. పరుగెత్తినది నీవని ఎవడనును? అమ్మవారని చెంపలు వేసికొందురు. నిన్నటి పిరికివాడవు నేడు పూజ్యుడవు. ఇకపై ఏ పెండ్లిలో దడ పుట్టినను కారణము వెదుకుకొన నక్కరలేదు. ప్రతి అమావాస్యకు టెంకాయలును వచ్చును. మిగిలిన సగము గుండు సంగతి ఎవరో ఒకరు చూచుకొందురు.”

ఎంత కమ్మని మాట! సభాసదులారా, నిజము చెప్పుడు, మీరైనచో లేవకుందురా? తిప్పేశుని కాళ్ళు అప్పుడే లేచుటకు సిద్ధమై పీట క్రింద మునివేళ్ళు ఊని మడమలు లేపెను. తెల్లచొక్కా మామ పసివాని అందుకొనుటకు చేతులు చాచెను. పసివాడు ఉరుముల మ్రోతకు జడిసి గుక్కపట్టి ఏడ్చుచుండెను. పసుపుగుడ్డ చాచిన చౌడేశ్వరి మాత్రము మ్రొక్కలేదు. ఆమె ఆ చెమటను, ఆ నిలువుగుడ్లను తన పెండ్లిలో చూచియున్నది. ముందుకు వంగి, ఎవరికిని వినబడకుండ అన్నతో చెప్పెను.

“నీ ఒంటిమీద ఎవరుండారో నాకు తెలుసు. వాళ్ళకు చెప్తావో లేదో నీ ఇష్టం. పిల్లోన్ని మాత్రం దించొద్దన్నా.”

ఆ మాటకు వీరుని కన్నులు తడిసినవి. నాయన పోయిననాడు ఈ పిల్ల తన చొక్కా కొన పట్టుకొని నిలిచినది అతనికి జ్ఞాపకము వచ్చెను. మడమలు నేలకు దిగెను. మేనల్లుని ఎదకు హత్తుకొని, ఆ మహారథి ఆ సీమచరిత్రలో ఏ మగవాడును పదిమందిలో పలికి యెరుగని వాక్యమును పలికెను.

“లేయి మామా. అమ్మవారు కాదు. నాకు భయమైతాంది. పెండ్లిలో వచ్చింది గూడా ఇదే. ఆ ఉరుములు ఆపండి, పిల్లోడు బెదురుకుంటాండాడు.”

ఉరుములు ఆగెను. ఆ నిశ్శబ్దములో పొయ్యిమీది కూర ఉడుకుట వినబడెను. బయ్యన్న దుమ్ములోనుండియే తల యెత్తెను.

“భయమా? దేనికప్పా?”

“దేనికీ లేదు మామా. ఊరికే వస్తాది. కొంచేపుంటే పోతాది. నేను ఈడనే కూచుంటా. చెన్నప్పా, నువ్వు కానీ.”

సాష్టాంగపడుట సులభము, పడినది పొరపాటున అని తెలిసిన పిమ్మట లేచుట కష్టము. బయ్యన్న మెల్లగా లేచి, పంచె దులుపుకొని, ఎవరి వైపును చూడక తలగుడ్డ చుట్టుకొనెను. కొందరు కిసుక్కున నవ్విరి. పసుపునీళ్ళు ఒలకబోసిరి. వేపమండలు మేకల పాలాయెను. చూడుడీ లోకము! అదే వణకు, అదే చెమట. దేవత అన్నచో కాళ్ళమీద పడును, భయమన్నచో పండ్లికిలించును. నాకు ఒళ్ళు మండుచున్నది గాని, కథ ముందుకు పోవలయును.

తిప్పేశుడు కూర్చుండెను. దడ తన సర్వసైన్యములతో మరల ఎక్కెను, అతడు ఊదెను. ఎక్కెను; ఊదెను. ఒడిలోని పసివాడు ఏడుపు మాని, ఈ మామ మూతిని వింతగా చూచి, తానును పెదవులు చాచి, ఫూ అని అతని మొగము నిండ ఎంగిలి చిమ్మెను. వీరునికి నవ్వు వచ్చెను. నవ్వు వచ్చిన చోట దడకు కాలు నిలువదు. అది ఎదనుండి కడుపునకు, కడుపునుండి మోకాటికి జారి, అరికాలి దాపున కొంత సేపు సణిగి, ఎటో పోయెను. డాక్టరమ్మ చెప్పినట్లే ఎక్కినది దిగినది. చెన్నప్ప కత్తి ఎడమప్రక్కయు నున్నన చేసెను. నెత్తురుచుక్క రాలలేదు. చౌడేశ్వరి గుడ్డ ముడివేసి, కొడుకు నెత్తిన గంధము పూసి, చేతికి మిగిలినది అన్న చెంపలకు రాచి, షామియానా అంతయు వినునట్లు చెప్పెను.

“మా పుట్టింటోళ్ళకు ముందు వడ్డించండి.”

తెల్లచొక్కా మామ చొక్కాపై మరక పడకుండ దూరపు పంక్తిలో కూర్చుండెను.

మొదటి విస్తరి ముందు తిప్పేశుడు కూర్చుండగా, బయ్యన్న వచ్చి ప్రక్కన చతికిలబడెను. పొగలు గ్రక్కు సంగటిముద్దలు పడెను, కూర పడెను. ముసలివాడు చాలసేపు ముద్దను వ్రేలితో పొడుచుచుండి, తల వంచుకొనియే, పోయిన ఏడు బోరు ఎండినప్పటినుండి తెల్లవారుజామున తన ఎదలో కూడ ఏదో దరువు వేయుచున్నదని, ఇంటిలో ఎవరికిని చెప్పలేదని గొణిగెను. పిమ్మట అడిగెను.

“ఆ ఊదేది ఎట్లప్పా?”

తిప్పేశుడు సంగటి వైపు వ్రేలు చూపెను. ఇద్దరును పెదవులు చాచి, మెల్లగా, దీర్ఘముగా ఊదిరి. చూచినవారు సంగటి వేడిగా నున్నదనుకొనిరి.

ఇట్లు చౌడమ్మ గుట్ట క్రింద, దడ యను మహాసేనతో తలపడి, కత్తి పట్టక, కాలు కదపక, దేవతగా మారక, తిప్పేశుడు ఒక గుండు ముగియువరకు పీటపై కూర్చుండెను. జయము, జయము! ఈ కథ విన్నవారికి వాన కురియదు, బోరు పడదు, దడ మరల రాకపోదు. వచ్చినప్పుడు, కూర్చున్నచోటనే మరి కాస్త సేపు కూర్చుందురు.